పని చేసుకోవడానికి కేఫ్: కుర్చీ నుంచి మొదలుపెట్టిన సమీక్ష

కేఫ్‌ల మీద వచ్చే సమీక్షలు చాలా వరకు కాఫీ రుచి దగ్గర మొదలై, గోడల అలంకరణ దగ్గరో దీపాల అందం దగ్గరో ముగుస్తాయి. స్నేహితులతో గంటసేపు గడపడానికి వెళ్లేవారికి ఆ వివరాలు సరిపోతాయి. ల్యాప్‌టాప్ తెరిచి మూడు నాలుగు గంటలు పని చేసుకోవాలనుకునేవారికి మాత్రం వాటిలో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. బల్ల ఎంత ఎత్తు ఉంది, ఏ మూలలో శబ్దం తక్కువ, ప్లగ్ పాయింట్ ఎక్కడుంది, రద్దీ వేళ వైఫై నిలబడుతుందా అన్న సంగతులు వారికి ముఖ్యం. ఫ్రీలాన్సర్లకు, ఆఫీసుకు దూరంగా ఉండి పనిచేసే ఉద్యోగులకు, ఇంట్లో విడిగా గది లేనివారికి కేఫ్ ఇప్పుడు ఒక పనిచోటు కాబట్టి దానిని ఆ కొలతలతోనే చూడాలని నేను నమ్ముతున్నాను. ఒక కేఫ్ మొత్తానికి మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం ఈ విషయంలో కుదరదు. ఒకే కేఫ్‌లో ఒక కుర్చీలో పూట గడిచిపోతుంది, దానికి నాలుగడుగుల అవతలి కుర్చీలో అరగంట కూడా నిలవలేం. సమీక్షించవలసింది ఆ కుర్చీని, అది ఖాళీగా దొరికే వేళను.

కేఫ్‌లలో కనిపించే కూర్చునే ఏర్పాట్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది మెత్తని సోఫా, దాని ముందు మోకాళ్ల ఎత్తుకు, అంటే 45 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండే చిన్న బల్ల. చూడగానే మనసు దాని మీదికే పోతుంది గానీ, ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెడితే నడుము వంగిపోతుంది, ఒళ్లో పెట్టుకుంటే మెడ వంగిపోతుంది. చదవడానికి బాగుంటుందే తప్ప టైపింగ్‌కు పనికిరాదు. రెండోది 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తుండే కౌంటరు, దానికి తగిన ఎత్తు స్టూలు. కిటికీ పక్కన ఎక్కువగా ఇవే ఉంటాయి. స్టూలుకు పాదాలు ఆనించుకునే కడ్డీ, వీపుకు ఆసరా ఉంటే గంటసేపు పని సాగుతుంది, ఆ రెండూ లేకపోతే తొడల కింద ఒత్తిడి పెరిగి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మూడోది 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు బల్ల, వీపు నిటారుగా నిలిపే కుర్చీ. చూపుకు సాదాగా ఉండే ఈ మూడో రకమే ఎక్కువ సేపు పనికి సరైనది. ఇలాంటి బల్లలు ఒక్కటి కూడా లేని కేఫ్‌ను, ఎంత పేరున్నదైనా సరే, నేను పనిచోటుగా లెక్కించను.

బల్ల వైశాల్యాన్ని కూడా చూసుకోవాలి. ఇద్దరి కోసం వేసే గుండ్రటి బల్ల చాలా చోట్ల 60 సెంటీమీటర్ల వ్యాసంలోనే ఉంటుంది. దాని మీద ల్యాప్‌టాప్, కప్పు పడతాయి, నోట్‌బుక్ తీస్తే కప్పు అంచుకు జరుగుతుంది. కాఫీ ఒలికి కీబోర్డు పాడయ్యే ప్రమాదం ఇలాంటి ఇరుకు బల్లల మీదే ఎక్కువ. ఒంటికాలి బల్ల అయితే కూర్చునే ముందే చేత్తో నొక్కి ఊగుతుందేమో చూడడం మంచిది. వెలుతురు విషయానికొస్తే, చదవడం, రాయడం, టైపింగ్ వంటి ఆఫీసు పనులకు బల్ల మీద 500 లక్స్ (వెలుతురు కొలమానం) ఉండాలని యూరప్ ప్రమాణాలు చెబుతున్నాయి. సాయంత్రం మసక దీపాలు వెలిగించే కేఫ్‌లలో అందులో చిన్న భాగమే ఉంటుంది. పగటి పూట కిటికీ మనకు ఒక పక్కన ఉండేలా కూర్చుంటే వెలుతురు బాగా దొరుకుతుంది. కిటికీకి వీపు పెడితే స్క్రీన్ మీద ప్రతిబింబాలు పడతాయి, ఎదురుగా కూర్చుంటే బయటి కాంతికి స్క్రీన్ వెలవెలబోతుంది.

శబ్దం గురించి మరికొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కేఫ్‌కు వెళ్లడానికీ, కేఫ్ నుంచి లేచి వచ్చేయడానికీ అదే కారణం. పూర్తి నిశ్శబ్దంలో కంటే ఓ మాదిరి సందడిలోనే బాగా రాయగలమని చాలామంది అంటారు. ఆ మాటకు కొంత ఆధారం ఉంది. 2012లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితం ప్రకారం, కొత్త ఆలోచనలు అవసరమైన పనులు 50 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలమానం) శబ్దంలో కంటే 70 డెసిబెల్స్ దగ్గర మెరుగ్గా సాగాయి, 85 డెసిబెల్స్‌కు చేరేసరికి దెబ్బతిన్నాయి. అయితే ఇది ఆలోచనలు వెతుక్కునే పని గురించిన ఫలితం. లెక్కలు సరిచూడడం, కోడ్‌లో తప్పు పట్టుకోవడం, ఒప్పందపత్రం చదవడం వంటి పనులకు దానిని వర్తింపజేయలేం. డెసిబెల్స్ సంఖ్య ఒక్కటే తెలిసినా లాభం లేదు. ఒక స్థాయిలో సాగే కలగాపులగపు సందడిని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. అర్థమయ్యే మాటలను మాత్రం పట్టించుకోకుండా ఉండలేదు. పక్క బల్ల దగ్గర ఒక్కరే ఫోనులో మాట్లాడుతున్నా, ఆ మాటలు స్పష్టంగా వినబడితే మన వాక్యం అక్కడే ఆగిపోతుంది. అందువల్ల సగం నిండిన కేఫ్ కంటే ఒకే ఒక్క జంట కూర్చుని ఉన్న ఖాళీ కేఫ్‌లో ఏకాగ్రత కుదరకపోవడం వింతేమీ కాదు. రాసే పనికి మాటలున్న పాటల కంటే వాద్యసంగీతం వినిపించే చోటు నయం అనడానికీ ఇదే కారణం.

గది నిర్మాణం కూడా శబ్దాన్ని పెంచుతుంది. నున్నటి సిమెంటు నేల, గాజు గోడలు, పైకప్పు కింద ఏ మరుగూ లేకుండా వదిలేసిన పైపులు ఫొటోలో బాగుంటాయి గానీ, శబ్దాన్ని పీల్చుకునేది అందులో ఏదీ లేదు. కర్టెన్లు, గుడ్డ పరిచిన కుర్చీలు, పుస్తకాల అరలు ఉన్న గదిలో అదే సంఖ్యలో మనుషులున్నా శబ్దం తక్కువగా ఉంటుంది. దీనికి తోడు, చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లోనే గుర్తించారు. ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్ల ఇంకా పెంచుతుంది. కేఫ్ నిండుతున్న కొద్దీ రొద ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించడానికి మూలం ఇదే. కాఫీ గింజలు మరపట్టే గ్రైండరు, పాలను నురగ తీసే ఆవిరి గొట్టం, ఆర్డరు సిద్ధమైందని పేరు పెట్టి పిలిచే కౌంటరు, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ద్వారం, ఈ నాలుగింటికీ దూరంగా ఉన్న గోడపక్క కుర్చీని ఎంచుకుంటే సగం సమస్య తీరుతుంది. గోడకు వీపు ఆనేలా కూర్చుంటే మన స్క్రీన్ వెనక నుంచి వచ్చేపోయేవారి కంట పడదు కూడా.

ఫోన్ కాల్స్, వీడియో మీటింగుల విషయంలో నా అభిప్రాయం కఠినమైనదే. పది నిమిషాల కాల్‌కు కేఫ్ ఫరవాలేదు, గంటసేపు సాగే మీటింగుకు కేఫ్ చోటు కాదు. శబ్దాన్ని అణిచే హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కదా అనుకునేవారు ఒక సంగతి గమనించాలి: ఆ ఏర్పాటు మన చెవికి చేరే శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప, అవతలివారికి వినిపించే శబ్దాన్ని తగ్గించదు. అది మైక్ మీద, కాల్ నడిపే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. నోటికి దగ్గరగా మైక్ ఉన్న మామూలు వైరు హెడ్‌సెట్, మైక్ నోటికి దూరంగా ఉండే ఖరీదైన ఇయర్‌బడ్స్ కంటే ఈ పనికి చాలాసార్లు మెరుగు. ఖాతాదారుల వివరాలు, జీతాల సంగతులు, ఉద్యోగుల పనితీరు గురించిన మాటలు పదిమంది మధ్య మాట్లాడదగ్గవి కావు. చెవిలో హెడ్‌ఫోన్స్ ఉన్నవారికి తమ గొంతు ఎంత పెద్దగా వినబడుతోందో తెలియదని కూడా గుర్తుంచుకోవాలి.

వైఫై ఉందా అని అడగడం సరిపోదు. కేఫ్‌వారు చెప్పే వేగం సాధారణంగా డౌన్‌లోడ్ వేగం, మనకు ఇబ్బంది వచ్చేది అప్‌లోడ్ దగ్గర. మామూలు హెచ్‌డీ వీడియో కాల్‌కు రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నిలకడగా వస్తే చాలు, వంద ఎంబీపీఎస్ అక్కర్లేదు. నిలకడే ముఖ్యం. మాట ఒక వైపు నుంచి మరో వైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకుండా ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చేసింది. అంతకంటే ఆలస్యమైన కొద్దీ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతుంటారు. పరీక్షించేటప్పుడు ఖాళీ వేళ ఒకసారి, రద్దీ వేళ ఒకసారి చూడాలి, అదీ మనం కూర్చోబోయే కుర్చీలోనే. 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడిచే రెండు నెట్‌వర్కులు కనిపిస్తే 5 గిగాహెర్ట్జ్‌ది ఎంచుకోవడం మంచిది, అది గోడలు దాటి దూరం పోలేదు గానీ, రూటర్ దగ్గర వేగంగా పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే కాబట్టి, దుకాణాలు పక్కపక్కనే ఉండే వీధిలో పొరుగువారి వైఫైలన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. గంటకోసారి మళ్లీ ఫోను నంబరు అడిగి లాగిన్ చేయించే కేఫ్‌లూ ఉన్నాయి. మీటింగు మధ్యలో అది జరిగితే వేగం ఎంత ఉన్నా ఉపయోగం లేదు. మొబైల్ హాట్‌స్పాట్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, కాబట్టి ఆ కుర్చీ దగ్గర మన ఫోనుకు సిగ్నల్ ఎలా ఉందో కూడా చూసుకోవాలి. నేలమాళిగలో ఉన్న కేఫ్‌లు ఈ పరీక్షలో తరచు ఓడిపోతాయి.

భద్రత గురించి క్లుప్తంగా చెబితే చాలు. వైఫై పేరును సిబ్బందిని అడిగి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే అదే పేరుతో మరొకరు నకిలీ నెట్‌వర్క్ నడపడం కష్టమేమీ కాదు. కంపెనీ పని అయితే కంపెనీ ఇచ్చిన వీపీఎన్ (సమాచారాన్ని గుప్తంగా పంపే ఏర్పాటు) వాడాలి. వాష్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌ను పక్కవారి భరోసా మీద వదలకుండా వెంట తీసుకెళ్లాలి. ఒంటరిగా వెళ్లేవారికి బల్లంతా పరిచే సామాను కంటే ఒక్క సంచిలో క్షణంలో సర్దుకోగల సామాను మేలు.

ప్లగ్ పాయింట్ల సంఖ్యను చూసి సంతోషించే ముందు అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. గోడలో కనిపించే మామూలు యూఎస్‌బీ రంధ్రాలు ఎక్కువగా 12 వాట్ల లోపే ఇస్తాయి. ఫోనుకు అది చాలు, 45 నుంచి 65 వాట్లు కోరే ల్యాప్‌టాప్‌కు చాలదు. మనుషులు నడిచే దారికి అడ్డంగా వైరు వేసి చార్జింగ్ పెట్టడం ప్రమాదం. వేడి పాత్రలు మోసుకుంటూ ఆ దారిన నడిచేది కేఫ్ సిబ్బంది.

ఇక కేఫ్ యజమాని వైపు నుంచి చూడవలసిన సంగతి ఒకటుంది, దీనిని పట్టించుకోని సమీక్షలు నాకు అసంపూర్ణంగా తోస్తాయి. కేఫ్ ఆదాయం బల్ల ఎన్నిసార్లు చేతులు మారుతుందన్న దాని మీద నడుస్తుంది. ఒక్క కాఫీతో నాలుగు సీట్ల బల్లను పూటంతా ఆక్రమించడం అన్యాయం. గంట, గంటన్నరకు ఒక ఆర్డరు ఇవ్వడం, ఒక్కరే ఉంటే చిన్న బల్లే తీసుకోవడం, భోజనవేళకు కేఫ్ నిండుతుంటే అడగకముందే లేవడం నేను కనీస మర్యాదగా భావిస్తాను. ప్రతి ఆర్డరూ కాఫీయే కావడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు తీసుకోవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. గర్భిణులకు ఆ పరిమితి 200 మాత్రమే. కప్పుకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు పడితే నాలుగైదు కప్పులకే పరిమితి నిండుతుంది. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం తాగిన కప్పు రాత్రి నిద్రను తింటుంది. ఈ కారణంగా, కెఫీన్ లేని పానీయాలు, తేలికైన తిండి ఉన్న కేఫ్‌కు నేను ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను. కొన్ని కేఫ్‌లు సెలవు రోజుల్లోనో, కొన్ని బల్లల దగ్గరో ల్యాప్‌టాప్‌లు వద్దని బోర్డు పెడుతున్నాయి. పని చేసుకునేవారికి చోటూ వేళా స్పష్టంగా చెప్పే ఆ కేఫ్‌లే, ఏమీ చెప్పకుండా మొహం చిట్లించే కేఫ్‌ల కంటే నాకు నమ్మకంగా అనిపిస్తాయి.

కేఫ్ రకాలను ఈ కొలతలతో చూస్తే, పెద్ద సంస్థల శాఖల్లో వైఫై, ప్లగ్ పాయింట్లు ఒక స్థాయికి తగ్గకుండా దొరుకుతాయి, ఎంతసేపు కూర్చున్నారని అడిగేవారు తక్కువ, అయితే పేర్లు పిలిచే సందడి తప్పదు. వీధి మూలనున్న చిన్న కేఫ్‌లో ఆదరణ ఎక్కువ, బల్లలు తక్కువ. ఉదయం తెరవగానే రెండు గంటలు రాసుకోవడానికి దానిని మించింది లేదు, పూటంతా కూర్చోవడానికి అది తగదు. పుస్తకాల దుకాణంలోని కేఫ్ చదివేవారికి, రాసేవారికి అన్నిటికంటే అనుకూలం, కాల్స్‌కు అన్నిటికంటే ప్రతికూలం. హోటల్ లాబీలోని కేఫ్‌లో బల్లల మధ్య దూరం ఎక్కువ కాబట్టి చిన్న కాల్స్ ఇబ్బంది లేకుండా సాగుతాయి, ధర మాత్రం ఎక్కువ, బల్లలు తరచు సోఫా ఎత్తుకే ఉంటాయి. గంటకు ఇంత అని డబ్బు తీసుకునే కేఫ్‌లలో ఎంతసేపైనా మొహమాటం లేకుండా కూర్చోవచ్చు. ఆర్డర్లకు అయ్యే ఖర్చుతో పోలిస్తే మూడు గంటలు దాటిన పనికి అవే చవకగా తేలే అవకాశం ఉంది.

ఏ రకమైనా, మొదటిసారి వెళ్లేటప్పుడు గడువున్న పని వెంట తీసుకెళ్లకూడదు. మనం రోజూ పని చేయదలచుకున్న వేళకే వెళ్లి, ఒక ఆర్డరు ఇచ్చి, నచ్చిన కుర్చీలో గంటసేపు తేలికైన పని చేసుకుంటూ వైఫైని, ప్లగ్‌ను, చుట్టుపక్కల శబ్దాన్ని గమనించాలి. ఈ వేళ ల్యాప్‌టాప్‌తో రెండు మూడు గంటలు కూర్చుంటే మీకు ఇబ్బందా అని కౌంటరు దగ్గర సూటిగా అడగాలి. జవాబులో తటపటాయింపు వినిపిస్తే, బిల్లు చెల్లించి మరో కేఫ్ చూసుకోవడమే ఇద్దరికీ మంచిది.