లింకన్ నగరంలో కప్పు పోటీ: మనసు నిలిపిన మైదానం, మనసు విరిచిన బస

ఇంగ్లండులోని లింకన్‌కు ఫుట్‌బాల్ ఆట చూడడానికి వెళ్ళాలనుకునేవారు మైదానం గురించి గాని, అక్కడి మనుషుల గురించి గాని ఏమాత్రం సందేహించనక్కరలేదు. బస విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2017 జనవరి చివరి వారాంతంలో ఆ ఊరు మా కుటుంబాన్ని ఎంతో ఆదరంగా చూసుకుంటే, అదే ఊళ్ళో ఒక గెస్ట్‌హౌస్ యజమాని మమ్మల్ని నిలువునా దోచుకున్నాడు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు గనుక ముందు ఆ సంగతే రాస్తాను.

మా బావమరిది అప్పట్లో లింకన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. ఆ సంవత్సరం మా మామగారు తెనాలి నుంచి మా దగ్గరికి లండన్ వచ్చి ఉన్నారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కబడ్డీ, వాలీబాల్ తప్ప ఫుట్‌బాల్ మీద ఆయనకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. లింకన్ సిటీ జట్టును నడిపిస్తున్న డానీ కౌలీ, నిక్కీ కౌలీ అనే అన్నదమ్ములు మొన్నమొన్నటి దాకా ఎసెక్స్‌లో బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయులేనని కొడుకు ఫోనులో చెప్పిన రోజు నుంచి ఆయన ధోరణే మారిపోయింది. "అల్లుడుగారూ, మనవాళ్ళ ఆట ఎప్పుడు?" అని ప్రతి శనివారం అడగడం మొదలుపెట్టారు. డ్రిల్లు మాస్టార్లు గనుక ఆ ఇద్దరూ ఆయనకు మనవాళ్ళే.

లింకన్ సిటీ 2011లో నాలుగో డివిజన్ నుంచి దిగజారి, ఫుట్‌బాల్ లీగ్ వెలుపల ఐదో మెట్టయిన నేషనల్ లీగ్‌లో అప్పటికి ఆరేళ్ళుగా చిక్కుకుని ఉంది. ఆ లీగ్‌లో ఇరవైనాలుగు జట్లుంటాయి, ఒక్కొక్కటి 46 ఆటలు ఆడాలి, మొదటి స్థానంలో నిలిచిన జట్టుకే నేరుగా పైకి వెళ్ళే అర్హత. 2016 మేలో కౌలీ సోదరులు బాధ్యత తీసుకున్నాక జట్టు లీగ్‌లో ముందుండడమే కాక, చిన్నా పెద్దా జట్లన్నీ ఆడే, ఓడిన జట్టు ఇంటికి పోయే ఎఫ్.ఏ. కప్పు పోటీలో కూడా ఒక్కొక్క గండం దాటుకుంటూ వచ్చింది. అర్హత దశలో గైస్లీతో ఆట డ్రా అయితే మళ్ళీ ఆడి, అదనపు సమయంలో గట్టెక్కింది. తరువాత ఆల్ట్రింకమ్‌ను, ఓల్డ్‌హామ్‌ను ఓడించింది. మూడో రౌండులో రెండో డివిజన్ జట్టయిన ఇప్‌స్విచ్‌తో వాళ్ళ ఊళ్ళోనే 2-2గా ముగించి, జనవరి 17న సొంత మైదానంలో ఆట పూర్తికావలసిన వేళ నేథన్ ఆర్నల్డ్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచింది. నాలుగో రౌండులో బ్రైటన్ లింకన్‌కు రావడం ఖాయమైంది.

ఇప్‌స్విచ్‌తో రెండో ఆట ఇంకా జరగకముందే, నాలుగో రౌండులో ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసి తేల్చిన రాత్రే, లింకన్ గెలుస్తుందన్న బావమరిది మాట నమ్మి నేను రెండు గదులు ఖాయం చేసుకున్నాను. గదికి రాత్రికి 58 పౌండ్ల చొప్పున శుక్ర, శనివారాలకు 232 పౌండ్లు అయింది. అందులో సగం, అంటే 116 పౌండ్లు, ముందే చెల్లించాను. మామగారి మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పి, ఒక గది కింది అంతస్తులో కావాలని రాస్తే సరేనని జవాబు కూడా వచ్చింది. ఇప్‌స్విచ్ ఓడిన మర్నాడు ఆ యజమాని నుంచి వచ్చిన సందేశం వేరే రకంగా ఉంది. వెబ్‌సైటులో ధర పొరపాటున తక్కువ పడిందని, అసలు ధర 95 పౌండ్లని, ఇష్టం లేకపోతే మానుకోవచ్చని, అయితే బయానా తిరిగి ఇవ్వడం కుదరదని రాశాడు. అప్పటికి ఊళ్ళో మరెక్కడా గదులు లేవు. 148 పౌండ్లు అదనంగా పోయడం తప్ప మాకు దారి లేకపోయింది.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూఆర్క్ నార్త్ గేట్ దాకా పెద్ద రైలు, అక్కడి నుంచి లింకన్‌కు చిన్న రైలు. ముందుగా కొంటే మనిషికి 21 పౌండ్ల 50 పెన్నీలు పడింది, ప్రయాణం సుఖంగా సాగింది.

గెస్ట్‌హౌస్ చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. కింది గది వేరేవాళ్ళకు ఇచ్చేశానని, మామగారికి పైకప్పు కింద ఉన్న అటక గది మిగిలిందని యజమాని తాపీగా చెప్పాడు. ఆ మెట్లు ఇరుకు, చేతికి ఆసరాగా కమ్మీ కూడా ఒకవైపే ఉంది. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మా ఆవిడ వెనక నిలబడి పట్టుకుంది. తొమ్మిదింటికల్లా గదుల్లో వేడి ఆగిపోయింది. కిందికి వెళ్ళి అడిగితే అది ఇంటి నియమమని, విడి హీటరు కావాలంటే రాత్రికి అయిదు పౌండ్లు ఇవ్వాలని అన్నాడు. ఇచ్చాను. ఆ హీటరు తీగ అటకలో ఉన్న ప్లగ్గు దాకా అందలేదు. మామగారు రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్ వేసుకుని, మా దగ్గరున్న శాలువా కూడా కప్పుకుని పడుకున్నారు గాని నిద్రపోలేదని తెల్లవారాక ఆయన కళ్ళే చెప్పాయి. ఎనిమిదిన్నర దాకా పెట్టాల్సిన అల్పాహారాన్ని ఎనిమిదింపావుకే ఎత్తేశారు. మిగిలిన చల్లటి టోస్టు, డబ్బాలో అడుగంటిన కార్న్‌ఫ్లేక్స్ మా పాలబడ్డాయి. మా ఆవిడ ఆ పూట నాతో గాని, తమ్ముడితో గాని మాట్లాడలేదు. నేను తరువాత బుకింగ్ సంస్థకు ఫిర్యాదు చేస్తే, హీటరు కోసం రెండు రాత్రులకూ కట్టిన పది పౌండ్లు మాత్రం వారాల తరువాత వెనక్కి వచ్చాయి.

ఆ ఉదయం పోగొట్టుకున్నదంతా మధ్యాహ్నం తిరిగి దక్కింది. హై స్ట్రీట్ మీదుగా మైదానం వైపు నడుస్తూ, దారిలో ఒక చేపల వేపుడు దుకాణం ముందు వరసలో నిలబడ్డాం. మా వంతు రాగానే కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మా వంక చూసి, మేము అడగకముందే, తమ దగ్గర చేపలూ ఆలుగడ్డ ముక్కలూ అన్నీ గొడ్డు కొవ్వులో వేపుతారని, మీకు అభ్యంతరం ఉంటుందేమోనని చెప్పింది. అంత రద్దీలో వచ్చిన బేరాన్ని పోగొట్టుకుంటూ బయటికి వచ్చి, నూనెలో వేపే మరో దుకాణం ఏ సందులో ఉందో చేయి చాపి చూపించింది. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంగ్లండు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో గొడ్డు కొవ్వులో వేపడం సర్వసాధారణం గనుక, పట్టింపు ఉన్నవాళ్ళు తినేముందు అడిగి తీరాలి. రెండో దుకాణంలో హాడక్ చేప, ఆలుగడ్డ ముక్కలు కలిపి 6 పౌండ్ల 40 పెన్నీలు. చేప మీది పూత పలుచగా, కరకరలాడుతూ ఉంది, లోపలి కండ తెల్లగా పొరలు పొరలుగా విడిపోయింది. పక్కన ఇచ్చిన ఉడికించిన బఠానీ ముద్దలో మామగారు సంచీలోంచి కారప్పొడి తీసి కలుపుకుని, ముద్దపప్పులా ఉందంటూ మొత్తం తినేశారు. మా ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది కూడా అక్కడే.

సిన్సిల్ బ్యాంక్ మైదానం స్టేషన్ నుంచి పావుగంట నడక. లింకన్ సిటీ 1895 నుంచి అక్కడే ఆడుతోంది. పదివేల మంది పట్టే ఆ మైదానంలో గోల్‌పోస్టుల వెనక ఒక స్టాండుకు స్టేసీ వెస్ట్ అని పేరు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో మంటలు లేచి 56 మంది చనిపోయినప్పుడు అక్కడ ఆడుతున్న అతిథి జట్టు లింకన్ సిటీయే. ఆ రోజు ప్రాణాలు పోగొట్టుకున్న లింకన్ అభిమానులు బిల్ స్టేసీ, జిమ్ వెస్ట్‌ల పేర్లే ఆ స్టాండుకు పెట్టారు. బావమరిది ఈ సంగతి చెప్పగానే మామగారు టోపీ తీసి చేతిలో పట్టుకుని కాసేపు ఆ స్టాండు వైపే చూస్తూ నిలబడ్డారు.

మా సీట్లు చాలా పైన ఉన్నాయి. ఆయన మెట్ల దగ్గర తటపటాయించడం చూసిన స్టీవార్డు ఒకాయన తనంతట తానే వచ్చి, ఎవరితోనో మాట్లాడి, మామగారినీ మా ఆవిడనూ కింది వరసలో నడవా పక్కన కూర్చోబెట్టారు. డబ్బు పుచ్చుకున్నవాడు చేయని సాయం అది. ఆ ఆట టికెట్టు మా గది అద్దెతో పోలిస్తే చాలా చౌక అని కూడా ఇక్కడ చెప్పాలి.

బ్రైటన్ అప్పటికి రెండో డివిజన్‌లో అగ్రస్థానం కోసం పోటీపడుతున్న జట్టు, ఆ వేసవికే మొదటి డివిజనైన ప్రీమియర్ లీగ్‌కు చేరింది. మొదటి సగంలో బ్రైటన్ ఆటగాడు రిచీ టోవెల్ గోల్ కొట్టగానే మా చుట్టుపక్కలవాళ్ళు పెద్దగా నిరాశపడలేదు, అంతకన్నా గట్టిగా పాడారు. రెండో సగంలో లింకన్ ఆటగాడు ఆలన్ పవర్ పెనాల్టీని గోల్ చేశాడు. తరువాత లింకన్ ఒత్తిడికి బ్రైటన్ కుర్రాడు టొమోరి కాలి మీదుగా బంతి సొంత గోల్‌లోకే వెళ్ళిపోయింది. 85వ నిమిషంలో థియో రాబిన్సన్ మూడోది కొట్టాడు. ఆట 3-1. మామగారికి గోల్స్ కన్నా ఎక్కువగా నచ్చింది వేరే ఉంది. బంతి బయటికి పోయినప్పుడల్లా ఎవరు ఎక్కడ నిలబడాలో పదకొండుమందికీ ముందే తెలిసి ఉండడం, ఎనభై నిమిషాలు దాటాక కూడా ఎవరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడకపోవడం ఆయన గమనించారు. "రోజూ పొద్దున్నే గ్రౌండులో నిలబెట్టి నేర్పితే తప్ప ఇది రాదండీ, అల్లుడుగారూ" అన్నారు. ఈ జట్టు మీద నేను చదివిన విశ్లేషణలన్నిటికన్నా ఆ మాటే నాకు సరైనదనిపించింది.

మర్నాడు ఆదివారం కాబట్టి కొండ మీది పెద్ద చర్చి, కెథీడ్రల్‌లో ప్రవేశ రుసుము లేదు. అక్కడికి ఎక్కే స్టీప్ హిల్ అనే వీధి నిజంగానే నిట్టనిలువు, కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు స్టేషన్ దగ్గర టాక్సీ ఎక్కడం మంచిది. మాకు అయిదు పౌండ్లు అయింది. 1548లో కూలిపోయిన కెథీడ్రల్ మధ్య శిఖరం, నిలిచి ఉన్నంతకాలం ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడంగా పేరుపొందింది. కెథీడ్రల్ తూర్పు భాగమైన ఏంజెల్ క్వైర్‌లో స్తంభాల మీద ఒక కాలు మడిచి కూర్చున్న చిన్న రాతి బొమ్మ ఉంది. అదే లింకన్ ఇంప్ అనే గడుగ్గాయి దయ్యం, జట్టుకు ఇంప్స్ అనే ముద్దుపేరు అక్కడి నుంచే వచ్చింది. తల పైకెత్తి వెతకకపోతే కనిపించదు. లింకన్ కోటలో 1215 నాటి మాగ్నా కార్టా ప్రతిని కూడా చూడవచ్చు, కాని మా రైలుకు వేళైపోయింది.

ఐదో రౌండులో బర్న్‌లీలో ఫిబ్రవరి 18న జరిగిన ఆటకు టికెట్లు దొరకలేదు. ఈస్ట్ హామ్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాం. ప్రీమియర్ లీగ్ జట్టు మీద వాళ్ళ సొంత మైదానంలో 89వ నిమిషంలో లింకన్ ఆటగాడు షాన్ రాగెట్ తలతో కొట్టిన బంతిని గోల్‌కీపర్ బయటికి తోసేశాడు గాని, అది అప్పటికే గీత దాటిందని గోల్‌లైన్ పరికరం తేల్చింది. ఆ గోల్‌తో లింకన్ గెలిచి, చివరి ఎనిమిది జట్ల దశయిన క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. 1914లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ తరువాత అంతవరకు లీగ్ వెలుపలి జట్టు ఏదీ అక్కడికి రాలేదు. మామగారు ఆ సాయంత్రం తెనాలిలో తన పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసి ఈ సంగతి వివరించారు, సగం మందికి ఎఫ్.ఏ. కప్పు అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పవలసి వచ్చింది.

మార్చి 11న లండన్‌లోని ఎమిరేట్స్ మైదానంలో ఆర్సెనల్‌తో క్వార్టర్ ఫైనల్ ఆటకు లింకన్ నుంచి దాదాపు తొమ్మిది వేల మంది వచ్చారు, బావమరిది పుణ్యమా అని మేమూ వాళ్ళ మధ్యే కూర్చున్నాం. మొదటి సగం ముగిసే ముందు వరకు గోల్ ఇవ్వకుండా నిలిచారు, నేథన్ ఆర్నల్డ్ కొట్టిన బంతిని ఆర్సెనల్ గోల్‌కీపర్ పీటర్ చెక్ ఆపకపోతే ముందంజ కూడా వేసేవారు. ఆ తరువాత అయిదు గోల్స్ పడ్డాయి. 5-0 అయ్యాక కూడా ఆ తొమ్మిది వేల మందిలో ఒక్కరు లేచి వెళ్ళడం నేను చూడలేదు.

ఏప్రిల్ 22న మాక్లెస్‌ఫీల్డ్‌తో లీగ్ ఆటకు మళ్ళీ లింకన్ వెళ్ళాను. అప్పటికి మామగారు ఇండియా తిరిగి వెళ్ళిపోయారు. ఈసారి యూనివర్సిటీ వైపు ఒక చిన్న హోటల్లో దిగాను. రాత్రికి 54 పౌండ్లన్నారు, అంతే తీసుకున్నారు. గది వెచ్చగా ఉంది, పది గంటల దాకా వేడి వేడి అల్పాహారం పెట్టారు. టెర్రీ హాక్‌రిడ్జ్ రెండు గోల్స్ కొట్టగా లింకన్ 2-1తో గెలిచి, ఆరేళ్ళ తరువాత ఫుట్‌బాల్ లీగ్‌లోకి తిరిగి వెళ్ళింది. జనం మైదానంలోకి దూకి పరుగులు తీస్తున్న గోలలోనే నేను తెనాలికి వీడియో కాల్ చేశాను. సీజను ముగిసేసరికి లింకన్‌కు 99 పాయింట్లు, రెండో స్థానంలో నిలిచిన ట్రాన్‌మియర్‌కు 95.

నన్ను అడిగితే, మొదటిసారి వెళ్ళేవాళ్ళు కప్పు పోటీ కోసం ఆగకుండా మామూలు లీగ్ ఆటకు వెళ్ళడమే మంచిదంటాను. టికెట్టు సులువుగా దొరుకుతుంది, గదుల ధరలు పెరగవు, హై స్ట్రీట్‌లో అంత రద్దీ ఉండదు. గది ఖాయం చేసేటప్పుడు ధర, అంతస్తు, రాత్రి ఎన్ని గంటల దాకా వేడి ఉంటుందో రాతపూర్వకంగా తీసుకుని, బయానా కట్టనవసరం లేని చోటే దిగండి. బావమరిది ఆ తరువాతి సీజనుకు సీజన్ టికెట్టు కొనుక్కున్నాడు, హాస్టల్ వదిలి సిన్సిల్ బ్యాంక్‌కు దగ్గరలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మామగారికి మళ్ళీ వీసా వస్తే నేరుగా అక్కడే దిగుతారట.