స్పా తొట్టిలో లైటు మార్పించేవాళ్లు జాగ్రత్త: వైరు వెళ్లే దారిలోనే నీళ్లూ వెళ్తాయి

పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో చిన్న గెస్ట్‌హౌస్ ఉంది. దాని వెనక ఒక జకూజీ. మా బావ అమెరికా నుంచి వచ్చినప్పుడు ముచ్చటపడి కట్టించాడు. 7 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు, సగం నేలలోకి, సగం నేల పైకి. మేమంతా తొట్టి అనే అంటాం. మా నాన్నకు మోకాళ్ల నొప్పులు, సాయంత్రం అరగంట గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే హాయిగా ఉంటుందంటాడు. అందుకే దాన్ని నడుపుతున్నాం, లేకపోతే ఎప్పుడో మట్టి పోసి అరటి పిలకలు నాటేవాణ్ని.

మొన్న మే నెలలో దాని లోపలి లైటు పోయింది. 12 వోల్టుల పాత హాలోజన్ లైటు. నెల్లూరులో స్విమ్మింగ్ పూల్ సామాన్లు అమ్మే ఒక షాపుకు వెళ్లాను. పేరు రాయను, ఎవరూ అడగొద్దు. 18 వాట్ల ఎల్‌ఈడీ చూపించారు. అట్ట పెట్టె మీద ఐపీ 68 అని పెద్ద అక్షరాలు, అంటే నీళ్లలో మునిగి ఉన్నా లోపలికి నీరు పోదని గుర్తు. 5,600 అన్నారు, బిగింపు కూలి 1,800, మనిషిని వాళ్లే పంపిస్తామన్నారు. బేరం కూడా ఆడలేదు. నీళ్లలో ఉండే వస్తువు దగ్గర వందకీ రెండొందలకీ చూసుకోవడం ఎందుకు అనుకున్నా.

బిగించేవాడు వచ్చినప్పుడు నేను నెల్లూరులో ఉన్నాను. నా మొదటి తప్పు అదే. గంటలో అయిపోయిందని ఫోన్ వచ్చింది. ఆ రాత్రి వెళ్లి చూస్తే తొట్టి నిండా నీలం వెలుగు, పిల్లలు గోల గోల. మనసు నిండిపోయింది.

మూడో రోజు సాయంత్రం స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ట్రిప్ అయింది. పైకెత్తితే మళ్లీ పడింది. షాపుకు ఫోన్ చేస్తే అదే మనిషి మర్నాడు వచ్చాడు. లైటు చుట్టూ ఎదుట నుంచి బాత్రూముల్లో వాడే సిలికాన్ కుక్కి, 1,200 తీసుకున్నాడు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు: "మీ ఆర్‌సీసీబీ పాడైంది సార్, అది ఊరికే పడిపోతా ఉంది. తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, టెన్షన్ ఉండదు."

వద్దన్నాను. నాకేదో తెలిసి కాదు, భయంతో. ఆ భయమే మా ఇంటిని కాపాడిందని తర్వాత అర్థమైంది. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి నీళ్లలోకో మనిషిలోకో పోతుంటే కట్ చేయడానికే ఆ స్విచ్ ఉన్నది. అది పడిపోతోందంటే తన పని తాను చేస్తోందని అర్థం. అది పడిపోతోందని తీసేయడమంటే, కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేసి దొంగకు తలుపు తెరవడమే. మీ ఇంట్లో ఎవరైనా ఈ సలహా ఇస్తే ఆ మనిషిని అక్కడే ఆపేయండి.

ఆ రోజు నుంచి తొట్టి మెయిన్ ఆఫ్ చేసి ఉంచాం. అయితే ఇంకో సంగతి బయటపడింది. నీళ్లు తగ్గిపోతున్నాయి. తోట చూసుకునే ఆయన "రోజూ పైపు పెట్టాల్సి వస్తోందయ్యా" అన్నాడు. ఎండలకు ఆవిరైపోతున్నాయేమో అనుకుంటూనే షాపుకు చెప్పాను. వాళ్లు వచ్చి చూడకుండానే తీర్పు చెప్పేశారు: తొట్టి పగిలింది, టైల్స్ పీకి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, 42,000 అవుతుంది, సగం అడ్వాన్స్.

ఇక్కడ నాకు అనుమానం వచ్చింది. ఏళ్ల తరబడి చుక్క కారని తొట్టి, లైటు మార్చిన వారంలోనే ఎలా పగులుతుంది?

బకెట్ పరీక్ష చేశాను. ఖర్చు లేని పని, ఎవరైనా చేసుకోవచ్చు. తొట్టి లోపలి మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, అందులో నీళ్లు బయటి నీళ్లతో సమానంగా పోసి, లోపలా బయటా గీత గీసి, మోటారు వేయకుండా 24 గంటలు వదిలేయాలి. ఎండకు రెండూ ఒకేలా తగ్గుతాయి. బయటి నీళ్లు అంతకన్నా ఎక్కువ తగ్గితే కారుతోందన్నట్టే. మా బకెట్‌లో పావు అంగుళం తగ్గింది, తొట్టిలో ఒకటిన్నర అంగుళం. మా తొట్టి కొలతకు అంగుళం అంటే సుమారు 115 లీటర్లు. అంటే రోజుకు దాదాపు 145 లీటర్లు ఎటో పోతున్నాయి. నీళ్లు పోయడం ఆపేసి అలాగే వదిలేశాను. పదకొండో రోజుకు మట్టం లైటు నడిమికి దిగింది, అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత బకెట్‌తో పాటే తగ్గుతూ వచ్చింది.

పగులు ఉంటే తొట్టి అడుగున ఉండొచ్చు, గోడలో ఉండొచ్చు, కానీ నీళ్లు సరిగ్గా లైటు దగ్గరే ఆగాయంటే కన్నం కూడా అక్కడే ఉన్నట్టు.

మెయిన్ ఆఫ్‌లోనే ఉందని మళ్లీ చూసుకుని, బయట గోడకు జానెడు ఎత్తులో ఉన్న జంక్షన్ బాక్స్, అంటే వైర్లు కలిపే డబ్బా, మూత విప్పాను. లోపలి నుంచి నీళ్లు బొళుక్కున నా కాళ్ల మీద పడ్డాయి. ఆ నీళ్లలో మునిగి ఒక చిన్న నల్ల డబ్బా ఉంది. లైటుతో పాటు ఇచ్చిన డ్రైవర్ అది, ఇంటి కరెంటును లైటుకు తగ్గట్టు దించే పరికరం. ఒకవైపు 12 వోల్టులు, ఇంకోవైపు 230 వోల్టులు. మా పాత ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా పంప్ రూములో పొడిగా ఉండేది. ఈ మహానుభావుడు దాన్ని పక్కన పెట్టేసి, ఇంటి కరెంటును నేరుగా ఈ బాక్స్‌లోకి తెచ్చాడు. అదే బాక్స్‌లోకి తొట్టి నీళ్లు వస్తున్నాయి. ఆ తొట్టిలో మా నాన్న కూర్చుంటాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ ఒకతను మా తమ్ముడికి తెలుసు. రాత్రీ పగలూ నీళ్లూ కరెంటూ పక్కపక్కనే పెట్టుకుని పనిచేసేవాళ్లు వాళ్లు. అతను వచ్చి నీళ్లు లైటు కిందికి దించి, పై స్క్రూ విప్పి లైటు బయటికి లాగాడు. వెనకే వైరు, వైరుకు ఒక జాయింటు, జాయింటుకు నల్ల టేపు. "ఏంది సార్ ఇది, నీళ్ల పైపులో జాయింటేసి టేపు చుడతారా ఎవరన్నా?" అని నన్నే అడిగాడు, నేనే చుట్టినట్టు.

జరిగింది అతను విడమరచి చెప్పాడు. లైటు కూర్చునే గుండ్రటి గూడులో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి, అలాగే ఉండాలి, లైటు చల్లబడేది వాటితోనే. ఆ గూడు వెనక నుంచి పీవీసీ పైపులో వైరు బాక్స్‌కు పోతుంది. పైపు మూతి దగ్గర వైరు చుట్టూ గట్టిగా మూసేయాలి. మా తొట్టి కట్టినవాళ్లు మూశారు. కొత్త లైటుకు వచ్చిన వైరు ఒకటిన్నర మీటరే, బాక్స్‌కు కావలసింది 4 మీటర్లు. అందుకే పాత సీలు పీకేసి, పాత వైరు కోసి, కొత్తదాన్ని దానికే అతికించి పైపులోకి తోసేశాడు. సన్న వైరు చుట్టూ మిగిలిన సందులోంచి నీళ్లు బాక్స్‌కు, అక్కడి నుంచి నేలలోకి. జాయింటులోకి దిగిన నీళ్లు వైరు తొడుగు లోపల రాగి తీగల వెంట పాకి లైటులోకీ చేరాయి. అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. ఐపీ 68 లైటుకే గానీ టేపుకు కాదు కదా.

ఎదుట కుక్కిన సిలికాన్ గోరుతో లాగితే తోలులా ఊడొచ్చింది. తడి పీవీసీని అది పట్టదు, పైగా వెనిగర్‌లా పుల్లటి వాసన వేసే రకం రాగిని తినేస్తుంది. అసలు కన్నం వెనక ఉంటే ఎదుట పూస్తే ఏం లాభం?

అతను 5 మీటర్ల ఒకే వైరుతో వచ్చే లైటు తెప్పించాడు. పైపు మూతిలో వైరు మందానికి సరిపోయే కేబుల్ గ్లాండ్, అంటే వైరు చుట్టూ బిగుసుకుని సందు మూసే బిరడా, బిగించి, దాని మీద నీళ్లలోనూ గట్టిపడే రెండు పాళ్ల ఎపాక్సీ ముద్ద పెట్టాడు. లైటు వెనక గూడులో వైరు మూడడుగులు చుట్టి వదిలాడు, రేపు లైటు విప్పాలంటే గట్టు మీదికి లాగి పొడిలో విప్పుకోవచ్చు. బాక్స్‌ను నీటి మట్టం కన్నా పైకి మార్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ పంప్ రూముకు వెళ్లింది. నీళ్లు నింపాక, నీళ్లు కదలకుండా చూసి, లైటు అంచున ఫుడ్ కలర్ చుక్క వదిలాడు. సందు ఉంటే రంగు గీతలా లోపలికి లాక్కుంటుందట. మాది ఉన్నచోటే ఉండి మెల్లగా కరిగిపోయింది.

షాపు సంగతి చెప్పాలి. లైటు తీసుకెళ్లి బల్ల మీద పెడితే "వైరు కట్ చేశారు కదా సార్, వారంటీ పోయింది" అన్నారు. కట్ చేసింది మీ మనిషే కదా అంటే, అతను మా స్టాఫ్ కాదు, బయట మనిషి అన్నారు. బిల్లు అని నా చేతికి ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల చీటీ, జీఎస్టీ నంబరు లేదు. నా రెండో తప్పు అది. డబ్బులు ఫోన్‌లో పంపడం, అతనితో నడిచిన మెసేజ్‌లు ఉండటం కొంత నయమైంది. వాటితో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు పెట్టాను. దానికి దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు.

మీరు కొనేటప్పుడు పెట్టె మీది అక్షరాలు తర్వాత చూడొచ్చు, ముందు వైరు ఎంత పొడవుందో అడగండి. లైటు నుంచి బాక్స్ దాకా ఇంట్లోనే తాడుతో కొలుచుకుని వెళ్లండి. బిగించే రోజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి, బాక్స్ మూత మీ ముందే వేయించండి.

నాన్న నిన్నటి నుంచి మళ్లీ తొట్టిలో దిగుతున్నాడు. లైటు మాత్రం వేయొద్దంటున్నాడు, చీకట్లోనే బాగుందట. షాపువాళ్లిచ్చిన ఆ ఎల్‌ఈడీ లైటు పంప్ రూము గూట్లో పెట్టాను, అద్దం లోపల ఆ నీళ్లు ఇంకా ఆరలేదు.