విజన్ ప్లాన్లకు కళ్లెం: చిన్న చట్టం మేలా, టెక్సస్ చట్టం మేలా?

పోయిన ఏడాది టెక్సస్‌లోని డాలస్ శివార్లలో కళ్లజోడు చేయించుకుందామని వెళ్లాను. డాక్టరుగారి వెనకగదిలో అద్దాలు కోసి ఫ్రేముకు సరిపెట్టే మెషీన్ ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. నా ఫ్రేమును మాత్రం చిన్న ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, చీటీ అంటించి, ఇంకో రాష్ట్రంలోని ల్యాబ్‌కు పంపించారు. "ఇక్కడే కోసేయొచ్చుగా?" అంటే, "మీ ప్లాన్ ఒప్పుకోదండీ" అన్నారు. ప్లాన్ అంటే విజన్ ప్లాన్, కంటి పరీక్ష, కళ్లజోడు ఖర్చులో కొంత కట్టే ఇన్సూరెన్స్. 11 రోజులకు జోడు వచ్చింది. ఎడమ అద్దం వదులుగా ఉంది.

అమెరికాలో ఇన్సూరెన్స్ మీద పెత్తనం ప్రధానంగా రాష్ట్రాలది. 1945 నాటి మెక్కారన్-ఫెర్గూసన్ చట్టంతో అది స్థిరపడింది. అందుకే కంటి డాక్టర్లు, అంటే ఆప్టోమెట్రిస్టులు, విజన్ ప్లాన్లతో తగువు పడాల్సి వస్తే వెళ్లేది ఎక్కువగా రాష్ట్ర అసెంబ్లీల దగ్గరికే. తగువు ఎందుకంటే, ప్లాన్ ఇచ్చేవాడే అద్దాల దుకాణం కూడా నడుపుతున్నాడు. వీఎస్పీ అనే విజన్ ప్లాన్‌ను 1955లో కాలిఫోర్నియాలో ఆప్టోమెట్రిస్టులే మొదలుపెట్టారు. ఇప్పుడు ఫ్రేములు చేసే మార్కాన్, విజన్‌వర్క్స్ దుకాణాలు కూడా దాని చేతిలోనే ఉన్నాయి. ఐమెడ్ అనే ఇంకో ప్లాన్ ఏమో ఎస్సిలార్‌లక్సోటికా కంపెనీది. లెన్స్‌క్రాఫ్టర్స్ దుకాణాలూ, రేబాన్ కళ్లద్దాలూ ఆ ఇంటివే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడో చూశారుగా.

రాష్ట్రాలు తెచ్చిన చట్టాల్లో మొదటి రకం చిన్నది. చాలా రాష్ట్రాల్లో ఉంది. ప్లాన్ పైసా కట్టని వస్తువు మీద ఇంత డిస్కౌంట్ ఇవ్వాల్సిందేనని డాక్టరును ఒప్పందంలో కట్టిపడేయకూడదని చెబుతుంది. రెండో జోడుకు 20 శాతం తగ్గింపు అని కార్డులో గొప్పగా అచ్చువేసేది ప్లాన్, ఆ తగ్గింపు భరించేది డాక్టరు. సొమ్మొకడిది, సోకొకడిది.

చట్టం సబబే, కానీ దానికి చిల్లు పెట్టడం తేలిక. యాంటీగ్లేర్ కోటింగ్‌కు ప్లాన్ నామమాత్రంగా ఏదో కాస్త కట్టిందనుకోండి, అది 'కవర్ అయిన' వస్తువైపోతుంది. అప్పుడు ధర మళ్లీ ప్లాన్ చెప్పినంతే. ఈ ఎత్తు తెలిసిన రాష్ట్రాలు, చెల్లింపు నామమాత్రంగా ఉంటే కుదరదని చట్టంలోనే రాసుకున్నాయి. అలా రాసుకోని చోట చట్టం కాగితం మీదే ఉంటుంది.

రెండో రకం టెక్సస్‌ది. 2023లో హౌస్ బిల్ 1696 ఆమోదం పొంది, ఆ సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇది ధర దగ్గర ఆగలేదు. ఫలానా బ్రాండు అమ్ముతాడనో, ఎక్కువ డిస్కౌంట్ ఇస్తాడనో ఒక డాక్టరును ప్లాన్ తన డాక్టర్ల జాబితాలో మిగతావాళ్లకంటే వేరుగా చూపించకూడదంది. తమ సొంత దుకాణానికో, సొంత వెబ్‌సైట్‌కో వెళ్లమని సభ్యులను పురికొల్పకూడదంది. డాక్టరు బిల్లులను ప్లాన్ తనిఖీ చేసే ఆడిట్‌లో నాలుగైదు ఫైళ్లలో తప్పు కనపడితే, ఆ లెక్కనే మొత్తం ఫైళ్లకూ గుణించి డబ్బు వెనక్కి లాగడాన్ని కూడా ఆపింది. ఈ ఆడిట్ టెన్షన్ చిన్న క్లినిక్ నడిపేవాళ్లకే తెలుస్తుంది.

డాక్టర్ల వైపు నుంచి చూస్తే ఇదే అసలైన మందు. కానీ ప్లాన్లవాళ్లు కోర్టుకెక్కారు. మా సభ్యులకు ఎక్కడ చౌకో చెప్పడం మా వాక్ స్వాతంత్ర్యం అన్నారు. ఫెడరల్ కోర్టు ఆ 'పురికొల్పకూడదు' తరహా నిబంధనలకు బ్రేకు వేసింది. నిజం చెప్పాలంటే ఆ వాదనలో పస ఉంది. పక్కవీధిలో అదే జోడు 60 డాలర్లు తక్కువకు దొరుకుతుందని ఎవరైనా చెబితే నేనైతే వినే తీరతాను. డిస్కౌంట్లు పోతే జేబుకు చిల్లు పడేది పేషెంటుకే అని ప్లాన్లు అనేది కూడా పూర్తిగా బుకాయింపు కాదు.

అయినా నన్నడిగితే మేలైన దారి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. ప్లాన్ తన సభ్యులతో ఏం మాట్లాడుతుందో చట్టానికి ఎందుకు? డాక్టరుతో రాసుకునే ఒప్పందాన్ని పట్టుకోవాలి. ల్యాబ్ ఏదన్నది డాక్టరు ఇష్టం, తాను డబ్బు కట్టని వస్తువుకు ప్లాన్ ధర చెప్పకూడదు, నామమాత్రపు చెల్లింపు చెల్లదు, ఆడిట్‌లో గుణించి డబ్బు లాగడాలు లేవు. ఈ నాలుగూ ఉంటే, కోర్టులో వాక్ స్వాతంత్ర్యం పేరుతో కొట్టేయడం కష్టం. ఇందులో ల్యాబ్ సంగతి మరీ ముఖ్యం. జోడు బాగాలేకపోతే పేషెంటు తిట్టేది డాక్టరునే కదా. ప్లాన్ వదిలేసి బయటికి రావచ్చుగా అంటారు కొందరు. ఊళ్లో సగంమంది చేతిలో అదే కార్డు ఉన్నప్పుడు బయటికొస్తే క్లినిక్ ఖాళీ, లోపలుంటే నష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతా చేసి రాష్ట్ర చట్టం అందరికీ వర్తించదు. పెద్ద కంపెనీలు చాలావరకు తమ డబ్బుతోనే ప్లాన్ నడుపుతాయి, కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా సరే. 1974 నాటి ఎరీసా అనే ఫెడరల్ చట్టం వల్ల అలాంటి ప్లాన్ల మీద రాష్ట్రాల ఇన్సూరెన్స్ చట్టాలు పనిచేయవు. ఆ లోటు పూడ్చడానికి డాక్ యాక్సెస్ అనే బిల్లును కాంగ్రెస్‌లో పదేపదే పెడుతున్నారు. ల్యాబ్ ఎంపిక డాక్టరుకే వదలాలని అందులో ఉంది.

ఏడాదికోసారి ప్లాన్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ అప్పుడు మా ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడిగాను, మన విజన్ ప్లాన్‌కు డబ్బు పెట్టేది ఎవరని. కంపెనీయేనట. అంటే టెక్సస్ ఎంత మంచి చట్టం చేసినా, నా వరకు ఆ మెషీన్ మీద గుడ్డ అలాగే ఉంటుంది.