బోరు నీళ్లకూ ముసురుకూ తట్టుకున్న గుడ్డ డైపర్లు

గుడ్డ డైపర్లు కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను. తడి బయటికి రాకుండా పైన తొడిగే కవర్లు కొనండి. లోపల పెట్టే ప్యాడ్లు మాత్రం సెట్‌లో అంటగట్టినన్ని కొనకండి. మా ఇంట్లో ఇద్దరు పిల్లలకూ పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి చెడ్డీలు వేసుకునేదాకా ఇవే నడిచాయి. హైదరాబాద్‌లో వీటి పని పట్టేవి రెండే: బోరు నీళ్లు, జూలై-ఆగస్టు ముసురు. ఆ రెండింటికీ నిలిచింది పైన కొత్తరకం కవర్, లోపల అమ్మమ్మల కాలం నాటి పల్చటి నూలుగుడ్డ. మిగతావన్నీ ఏదో ఒక దగ్గర విసిగించినవే.

"ఆల్ ఇన్ వన్" అని అమ్మేదాంట్లో ప్యాడ్‌ను కవర్‌కే కలిపి కుట్టేస్తారు. తొడగడం తేలిక, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఒక్కసారి చూపిస్తే చాలు. కానీ ఆరదు. వానల్లో పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, కుట్టు దగ్గర నొక్కి చూస్తే మర్నాడు కూడా చెమ్మే. పాకెట్ రకంలో లోపలి అస్తరుకు ఒకవైపు నోరు ఉంటుంది, ప్యాడ్‌ను అందులోకి దూర్చాలి. తడి నేరుగా ఒంటికి తగలదు, అది మంచిదే. అయితే ఒకసారి తడిసిందంటే కవర్‌తో సహా ఉతుక్కి పోవాల్సిందే, తడిసిన ప్యాడ్‌ను చేత్తో బయటికి లాగాల్సిందే. మూడోది ఉత్త కవర్. లోపల పరిచిన గుడ్డ తడిస్తే గుడ్డ మార్చి, కవర్‌ను తడిబట్టతో తుడిచి మళ్లీ అదే కట్టొచ్చు. మోషన్ అంటనంతవరకు ఒక్కో కవర్ రెండు మూడు మార్పులకు వస్తుంది. అందుకే రోజు విడిచి రోజు ఉతికే ఇంట్లో 6 కవర్లు, 20-24 గుడ్డలు ఉంటే గడిచిపోతుంది. పాకెట్ రకమైతే కవర్లే 18-20 కావాలి, ఖర్చంతా అక్కడే.

కవర్‌కు పైకి కనిపించే బొమ్మల గుడ్డ మామూలు పాలియెస్టర్. దాని లోపలివైపు పాలీయూరిథేన్ పల్చటి పొర అతికించి ఉంటుంది. ప్యాకెట్ మీద పీయూఎల్ అని రాసేది దీన్నే. తడిని ఆపేది ఆ పొర, ముందుగా పాడయ్యేదీ ఆ పొరే. మరిగే నీళ్లలో వేసినా, ఇస్త్రీపెట్టె తగిలినా, క్లోరిన్ బ్లీచ్ పోసినా బుడగలు లేచి ఊడొస్తుంది. పసిపిల్లల బట్టలన్నీ ఉడకబెడితే గానీ మనసొప్పని పెద్దలు ఇంట్లో ఉంటే కవర్లు వాళ్ల కంటపడకుండా చూసుకోవడమే మార్గం. గుడ్డలు ఉడకబెడతామంటే మాత్రం నిక్షేపంగా ఉడకబెట్టుకోనివ్వండి.

ప్యాడ్లలో చవకది మైక్రోఫైబర్, అంటే సన్నటి సింథటిక్ పోగుల గుడ్డ. గబగబా పీలుస్తుంది, గబగబా ఆరుతుంది. కానీ పిల్ల బరువు దానిమీద పడితే పీల్చిందంతా కక్కేస్తుంది. కారు సీటులో కూర్చోబెట్టినప్పుడు, చంకనేసుకున్నప్పుడు తొడ పక్కనుంచి కారేది ఇందుకే. నేరుగా ఒంటికి తగిలితే చర్మాన్ని కూడా పొడిబార్చేస్తుంది, పైన ఇంకో గుడ్డ తప్పనిసరి. బ్యాంబూ (వెదురు), హెంప్ (గంజాయి జాతి మొక్క నార) ప్యాడ్లు చాలా పట్టుకుంటాయి, అయితే నిదానంగా పీలుస్తాయి, అంతకంటే నిదానంగా ఆరుతాయి. రాత్రి కోసం మూడో నాలుగో ఉంచుకుంటే చాలు. కొత్త కాటన్, హెంప్ ప్యాడ్ల నూలులో సహజంగా ఉండే మైనం పోవడానికి కనీసం 5-6 ఉతుకులు పడతాయి, అప్పటిదాకా అవి నీళ్లను సరిగా పీల్చవు. కారిపోయిందని ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లలో ఎంతమంది ఇన్నిసార్లు ఉతికి తొడిగారో అనుమానమే.

ఇక నూలుగుడ్డ. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, కోఠి సుల్తాన్ బజార్‌లోనో తెల్ల మల్‌మల్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. నిలువు 90, అడ్డం 90 సెంటీమీటర్ల ముక్కలు కోయించి అంచులు కుట్టించండి. మధ్యకు ఒక మడత, దానికి అడ్డంగా ఇంకో మడత వేస్తే 45 సెంటీమీటర్ల చదరం, 4 పొరలు. దాన్ని మూడుగా మడిస్తే 15 వెడల్పు, 45 పొడవు, మొత్తం 12 పొరల ప్యాడ్. కవర్‌కు మించి మిగిలిన చివరను లోపలికి మడవండి. మగపిల్లాడికి ఆ మందం ముందువైపు రావాలి, ఆడపిల్లకు మధ్యలో. కొత్త గుడ్డలో గంజి పోయేదాకా మూడు నాలుగుసార్లు ఉతకాలి. మెత్తబడిన పాత పంచె ఉంటే ఆ పని కూడా లేదు. అసలు లాభం ఆరేసేటప్పుడు తెలుస్తుంది. విప్పితే ఒక్క పొరే కదా, ముసురు పట్టిన రోజున కూడా ఫ్యాన్ కింద కొన్ని గంటల్లో ఆరిపోతుంది. అన్ని పొరలూ కలిపి కుట్టిన ప్యాడ్ అదే ఫ్యాన్ కింద మర్నాటికి గానీ ఆరదు, ఆరినా ముక్కుకు తెలిసే వాసన ఒకటి మిగుల్చుకుంటుంది.

నీళ్ల సంగతి

నల్లాల్లో వచ్చేది మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు. చాలా అపార్ట్‌మెంట్లలో అవి వంటింటి పంపుతో ఆగిపోతాయి. బాత్రూములకూ, వాషింగ్ మెషిన్ పెట్టే యుటిలిటీకీ వచ్చేది బోరు నీళ్లో, సంపులో పోయించిన ట్యాంకర్ నీళ్లో. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెల్లటి మడ్డిలా మారి గుడ్డ పోగుల్లో కూర్చుంటుంది. ఉతికే కొద్దీ గుడ్డ అప్పడంలా గట్టిపడుతుంది, పీల్చడం తగ్గుతుంది. శుభ్రం కాని పోగుల్లో మిగిలిన మూత్రాన్ని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. పొద్దున్నే డైపర్ విప్పగానే కళ్లు మండేంత ఘాటు వచ్చిందంటే తప్పు పిల్లది కాదు, ఉతుకుది.

తాగే నీళ్లకు ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ఒప్పుకునే కఠినత్వం (ఈ కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు, ఇంకో దారి లేనప్పుడు 600 దాకా. టీడీఎస్ మీటరు చూపించే అంకె ఇది కాదు, అది కరిగిన లవణాలన్నింటి మొత్తం. ఇంట్లో తేల్చుకోవాలంటే ఒకే సైజు సీసాలు రెండు తీసుకుని ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు సగానికి పోయండి. ఒంటి సబ్బును తురిమి కలిపిన నీళ్లు రెండింటిలోనూ సమానంగా వేసి ఊపండి. బోరు సీసాలో నురగ నిలవకుండా నీళ్లు పాలలా అయిపోతే ఆ నీళ్లలో సబ్బు బిళ్లతో డైపర్లు ఉతకడం దండగ. కుంకుడు రసం కూడా అంతే. పట్టుచీరకు అది మంచిదేమో గానీ, మూత్రం ఇంకిన 12 పొరల గుడ్డకు దాని బలం చాలదు.

ఎంజైములున్న మంచి డిటర్జెంట్ పొడి వాడండి, ప్యాకెట్ మీద బాగా మురికైన బట్టలకు రాసిన కొలత తగ్గించకండి. పిల్లల చర్మం సున్నితం కదా అని చెంచాడు పొడితో సరిపెడితే మురికి లోపలే ఉండిపోతుంది, దద్దుర్లు దాన్నుంచి కూడా రావచ్చు. డిటర్జెంట్ పూర్తిగా వేసి, జాడించేటప్పుడు ఒకసారి ఎక్కువ జాడించడమే సరైన పద్ధతి. బోరు నీళ్లయితే డిటర్జెంట్‌తో పాటు రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా వేయాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దే వద్దు, పోగుల మీద పూతలా పట్టి నీళ్లు ఇంకనివ్వదు. కొబ్బరినూనె, జింక్ క్రీములు గుడ్డకు అంటినా అదే గతి. రాయాల్సి వస్తే మధ్యలో పల్చటి గుడ్డముక్క ఒకటి పరవండి.

గట్టిపడిన ప్యాడ్ మీద నీటిచుక్క వేస్తే ఇంకకుండా పూసలా నిలబడిందంటే పూత పట్టినట్టే. జిడ్డు పూత అయితే వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి ఉతికితే పోతుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్నదైతే కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కావాలి. బకెట్ వేడినీళ్లకు ఒక పెద్ద చెంచాడు వేసి, ప్యాడ్లు మాత్రమే గంటసేపు నానబెట్టి, జాడించి, మామూలుగా ఉతకాలి. నిమ్మ ఉప్పునూ బ్లీచ్‌నూ ఎప్పుడూ ఒకే బకెట్‌లో కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ఉతుకు

తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగని పిల్లల మోషన్ నీళ్లలో కరిగిపోతుంది, దాన్ని విడిగా కడగక్కర్లేదు. ఉగ్గు, రాగిజావ మొదలయ్యాక కథ వేరు. మన టాయిలెట్లలో జెట్ స్ప్రే ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. గుడ్డను కమోడ్‌లోకి వాల్చి పట్టుకుని పైనుంచి కిందికి చన్నీళ్లు కొడితే చెయ్యి పెట్టే పనే ఉండదు. నీళ్లు పిండి, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టలో వేయండి. బకెట్‌లో నానబెడితే ఎలాస్టిక్ సాగిపోతుంది, వాసన ముదురుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో నీళ్లున్న బకెట్ ఎలాగూ ప్రమాదమే. రాత్రి ప్యాడ్లను పొద్దున్నే ఒకసారి నీళ్లతో జాడించి పెడితే అమ్మోనియా గోల సగం తగ్గుతుంది.

మెషిన్‌లో రెండు విడతలు. మొదట అరగంట చన్నీళ్ల ఉతుకు, సగం డిటర్జెంట్. ఆ మురికినీళ్లు పోయాక డ్రమ్ము ముప్పావు నిండేలా పిల్లల బట్టలు, చిన్న తువ్వాళ్లు కలిపి 40 డిగ్రీల దగ్గర పొడవాటి ఉతుకు, పూర్తి డిటర్జెంట్. ఉత్త గుడ్డలే అయితే 60 డిగ్రీలు పెట్టొచ్చు. ఫ్రంట్ లోడ్ మెషిన్ నీళ్లు పొదుపుగా తీసుకుంటుంది గనుక అందులో ఎక్స్‌ట్రా రిన్స్ మర్చిపోవద్దు. సెమీ ఆటోమేటిక్‌లో నీళ్ల మట్టం పైకి పెట్టి, నీళ్లు మార్చి రెండుసార్లు తిప్పితే ఫలితం ఏమీ తీసిపోదు. నా లెక్కలో ఇంకా మెరుగే.

గుడ్డలు ఎర్రటి ఎండలో, కవర్లు నీడలో. పసుపు మరకలు తడిగా ఉండగానే ఎండ తగిలితే వాటంతటవే పోతాయి.

కారితే ఏం చూడాలి

5 నుంచి 17 కిలోల దాకా ఒకే సైజు కవర్ అంటారు అమ్మేవాళ్లు. పుట్టినప్పుడు రెండున్నర, మూడు కిలోలుండే పిల్లకు అది ఎంత బిగించినా తొడ దగ్గర సందు వదులుతుంది. మొదటి రెండు మూడు నెలలు కట్టుడు లంగోటీలు గానీ, నవజాత శిశువుల సైజు కవర్లు గానీ వాడుకోండి. రోజుకు 10-12 మార్పులుంటాయి, గుడ్డలు ఆ లెక్కన ఉండాలి.

తొడ ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి, తొడ మీదికి దిగకూడదు. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి. సాక్సు విప్పినప్పుడు కనిపించేలాంటి గీత ఉంటే పరవాలేదు, లోతుగా ఎర్రగా పడితే ఒక బటన్ వదులు చేయండి. గుడ్డ అంచు కవర్ బయటికి ఒక్క వేలంత కనబడినా అక్కడి నుంచి తడి లాగి బట్టలన్నీ తడుపుతుంది. కవర్ చెడిపోయిందనుకునే ముందు ఈ అంచు చూడండి. బోర్లా పడుకునే మగపిల్లలకు బొడ్డు దగ్గర కారుతుంటే ముందు మడత మందం పెంచాలి.

పగలు రెండు మూడు గంటలకోసారి మార్చాలి, మోషన్ అయితే వెంటనే. ఏప్రిల్, మే నెలల్లో కవర్ లోపల ఉక్కపోస్తుంది, చెమటకాయలు లేస్తాయి. ఇంట్లో ఉన్నంతసేపు కవర్ తీసేసి ఉత్త లంగోటీతో వదిలేయడమే హాయి. గజ్జల మడతల్లో బాగా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు వస్తే అది ఫంగస్ కావచ్చు. క్రీములు మార్చి మార్చి రాసే బదులు పిల్లల డాక్టరుకు చూపించండి, తగ్గేదాకా గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి.

క్రెష్‌లో వేసేవాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. చాలాచోట్ల ఆయమ్మలకు వీటితో వేగే తీరిక ఉండదు. అక్కడ పారేసే డైపర్, ఇంట్లో గుడ్డది అనే పద్ధతి బాగానే నడుస్తుంది. వాడిపారేసేదాన్ని చుట్టి తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలని ఘనవ్యర్థాల నిబంధనలే చెబుతున్నాయి. కమోడ్‌లో వేసేవాళ్లూ ఉన్నారు, మూసుకుపోయిన ఆ పైపు బాగుచేయించే ఖర్చుకు ఆరు కవర్లూ వచ్చేస్తాయి.

మొదట పోయేది ఎలాస్టిక్. కవర్ పొర బాగుండి తొడ దగ్గర మాత్రం వదులైతే పారేయొద్దు. మ్యాచింగ్ సెంటర్‌లో 6 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ కొని టైలర్‌కిస్తే కుట్టు కొంచెం విప్పి మార్చేస్తాడు. ఎవరైనా వాడినవి ఇస్తామంటే కవర్‌ను వెలుతురుకు పెట్టి చూడండి. పొర మీద ముడతలు, బుడగలు, గీతలు కనబడితే వద్దు. తర్వాత ఎలాస్టిక్‌ను లాగి వదలండి, వెంటనే వెనక్కి రావాలి. చివరగా ప్లాస్టిక్ బటన్లన్నీ ఒక్కొక్కటిగా పెట్టి తీయండి. ఒక్క బటన్ పట్టకపోయినా నడుము దగ్గర అది మీ పిల్ల సైజుదే అయి ఉంటుంది.