పై ఫ్లాట్ నీళ్లు కారుతుంటే: పెద్దమనుషులా, లోక్ అదాలతా, కోర్టా?

పైవాళ్ల బాత్రూమ్ నీళ్లు మా హాలు సీలింగ్‌లోంచి కారిన సంగతి లోక్ అదాలత్‌లో తేల్చుకున్నానని తెలిసినప్పటి నుంచి, అంబర్‌పేటలో మా కాలనీవాళ్లది ఒకటే ప్రశ్న: ‘‘అంత దూరం ఎందుకు, కూర్చుని మాట్లాడుకుంటే పోయేది కదన్నా?’’

మాట్లాడుకున్నాం. అసోసియేషన్ ప్రెసిడెంటు, ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. టీలు తాగాం. నెలలో రిపేరు చేయిస్తానని పై ఫ్లాటాయన తెల్లకాగితం మీద సంతకం పెట్టాడు. మూడు నెలలైనా మేస్త్రీ రాలేదు.

మా ఊళ్లో అయితే మాట తప్పినవాడికి మర్నాడు అప్పు పుట్టదు, పిల్లకు సంబంధం రాదు. ఇక్కడ ఈయన ఫ్లాటు అద్దెకిచ్చి గచ్చిబౌలిలో ఉంటాడు. ఎవరిని చూసి సిగ్గుపడాలి? జనం కోర్టుల బాట పట్టడానికి పంతాల కంటే ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

అందుకే నేను చూసేది ఒక్కటే: అవతలివాడు మాట తప్పితే గొడవ మళ్లీ మొదటికొస్తుందా? తెల్లకాగితమైతే వస్తుంది. లోక్ అదాలత్ అవార్డయితే (ఇద్దరూ ఒప్పుకున్న రాజీని రాసిచ్చే ఉత్తర్వు) రాదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అప్పీలు లేదు, నేరుగా ఈపీ (డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) వేసుకోవచ్చు. దావా వేయకముందే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర లోక్ అదాలత్‌కు అర్జీ ఇచ్చాను. కోర్టు ఫీజు లేదు. అక్కడా మాట్లాడుకున్నవి పాత మాటలే. కాకపోతే గడువు, అది దాటితే ఆయన కట్టాల్సిన డబ్బు కూడా రాయించాను. ఇరవై రోజుల్లో వాటర్‌ప్రూఫింగ్ అయిపోయింది.

ఒక చిక్కుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు. నోటీసు అందుకుని రానివాణ్ని ఏమీ చేయలేరు. మా పై ఫ్లాటాయన వచ్చాడు, కవరు మీద కోర్టు ముద్ర చూసి వాళ్లావిడ కంగారుపడిందట!

రానివాడి మీద దావాయే గతి. వెంటనే ఇంజంక్షన్ (ఫలానా పని చేయమనో, ఆపమనో కోర్టు ఆదేశం) కావాలన్నా కోర్టుకే వెళ్లాలి. ఆ తర్వాత వాయిదాలు, అప్పీలు, సెకండ్ అప్పీలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు.

వినియోగదారుల కమిషన్ సంగతీ అడిగారు. 5 లక్షల వరకు ఫీజు లేని మాట నిజమే కానీ, పై ఫ్లాటాయన మనకేమీ అమ్మలేదు, కాబట్టి ఆయన మీద అక్కడ కేసు నిలవదు.

అర్జీ ఇచ్చేటప్పుడు సీలింగ్ ఫొటోలు తేదీలతో సహా పట్టుకెళ్లండి. పెద్దల ముందు రాసుకున్న కాగితం జిరాక్సు కూడా. మా తెల్లకాగితం పనికొచ్చింది అక్కడే.