ఆరంగుళాల టెలిస్కోపుతో సౌర కుటుంబ యాత్ర: ఏళ్ళ తరబడి వాడిన తర్వాత

2018లో కొన్న ఈ డాబ్సోనియన్ టెలిస్కోపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇప్పటికీ వాడుతున్నాను. 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. పొడవాటి గొట్టాన్ని చెక్క పీట మీద పెట్టి, చేత్తో తిప్పుకుంటూ చూడాలి. సూర్యుడిని, గ్రహాలను, వాటి చందమామలను మొదటిసారి పరిచయం చేసుకోవాలనుకునేవారికి ఇది సరిపోతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. సరిపోతుంది. కాకపోతే ఇది ఏమి చూపిస్తుందో, ఏమి చూపించదో ముందే తెలిసి ఉండాలి. లేకపోతే కొన్న నెలకే మూలన పడుతుంది.

వ్యోమనౌకలు దగ్గరికి వెళ్ళి తీసిన ఫోటోలు మనందరి కళ్ళలో నిలిచిపోయాయి. ఆ రంగులు, ఆ వివరాలు ఇందులో కనిపించవు. 120 రెట్లు పెద్దది చేసి చూస్తే గురుడి బింబం, లెక్క ప్రకారం, మామూలు కంటికి కనిపించే నిండు చందమామకు సుమారు మూడు రెట్ల వెడల్పు ఉంటుంది. అయినా కన్ను ఆనించి చూసే కటకం, అంటే ఐపీస్‌లోని చీకటి మధ్య అది చిన్నదిగానే అనిపిస్తుంది. రంగులు కూడా వెలిసిపోయినట్టే ఉంటాయి. అయితే ఫోటోలో లేనిదీ దీనిలో ఉన్నదీ ఒకటుంది: కదలిక. ఈ గోళాలన్నీ ఇప్పుడు, మనం చూస్తుండగానే తిరుగుతున్నాయన్న సంగతి పుస్తకంలో చదివినప్పుడు కలిగే అనుభవం వేరు, కంటితో పట్టుకున్నప్పుడు కలిగేది వేరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను బయటికి రప్పిస్తున్నది అదే.

అందుకే ముందుగా గురుడి గురించి చెప్పాలి. ఈ పరికరం కొన్నందుకు గురుడొక్కడు చాలు. టెలిస్కోపుతో పాటు వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 48 రెట్లు పెద్దది చేస్తేనే గ్రహం, దాని పక్కన ఒకే వరుసలో నాలుగు చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అవి అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. గెలీలియో 1610 జనవరి 7న చూసింది వీటినే. ఆ రోజు ఆయనకు మూడే కనిపించాయి, కొన్ని రాత్రుల తర్వాతే నాలుగోది తేలింది. అయో 1.77 రోజుల్లో, యూరోపా 3.55 రోజుల్లో, గానిమీడ్ 7.15 రోజుల్లో గురుడిని చుట్టి వస్తాయి. ఒకదాని కాలం మరొకదానికి దాదాపు సరిగ్గా రెట్టింపు. ఈ లయ వల్లే అయో కక్ష్య పూర్తి వృత్తం కాలేకపోతోంది. గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెళ్తూ లోపల నలిగి వేడెక్కుతోంది. దాని మీద అగ్నిపర్వతాలు బద్దలవుతున్నాయని 1979లో వాయేజర్ 1 వ్యోమనౌక చూపించింది. నా ఐపీస్‌లో అగ్నిపర్వతాలు కనిపించవు. కానీ వాటిని రగిలించే ఆ రెట్టింపు లెక్కను మాత్రం ఎవరైనా కాగితం మీద నాలుగు చుక్కలు గీసుకుంటూ తమంతట తాము తేల్చుకోవచ్చు. కొత్తగా కొన్నవారికి నేను మొదట చెప్పే పని ఇదే: ఫోటోలు తీయకండి, చుక్కలు గీయండి.

అయో గురుడి నీడలోకి జారడం నాకు అన్నింటికంటే ఇష్టమైన దృశ్యం. గ్రహానికి దూరంగా, చీకటి ఆకాశం మధ్య వెలుగుతున్న చుక్క కొద్ది నిమిషాల్లో మసకబారి, పూర్తిగా ఆరిపోతుంది. అడ్డుగా ఏమీ కనిపించదు. ఈ గ్రహణాల వేళలను లెక్కగట్టినప్పుడే 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్‌కు ఒక తేడా కనిపించింది. భూమి గురుడికి దూరంగా జరుగుతున్న నెలల్లో గ్రహణాలు ఆలస్యమవుతున్నాయి, దగ్గరవుతున్న నెలల్లో ముందుకు జరుగుతున్నాయి. కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని మనిషికి తెలిసింది అలాగే. భూకక్ష్య వ్యాసాన్ని దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందని ఆయన అంచనా. నిజానికి పట్టేది 17 నిమిషాల లోపే. ఆనాటి గడియారాలతో, ఆనాటి కటకాలతో ఆ మాత్రం దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆయన చూసిన ఘటనను అంతే స్పష్టంగా ఈ ఆరంగుళాల అద్దం చూపిస్తుంది.

ఉపగ్రహాల నీడలు గురుడి మీద పడినప్పుడు సిరాచుక్కలా నల్లటి బిందువు మేఘాల మీదుగా సాగిపోతుంది. దానికి 120 రెట్లు కావాలి, గాలి నిలకడగా ఉండాలి. గురుడి మీద ఉన్న పెద్ద తుఫాను, ఎర్ర మచ్చకూ అంతే. అది పేరుకే ఎరుపు, నాకు కనిపించేది లేత నారింజ రంగు. గురుడు పది గంటలలోపే ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి రెండున్నర గంటలు ఓపిక పడితే ఆ మచ్చ అంచు నుంచి నడిమధ్యకు రావడం చూడవచ్చు.

శని విషయంలో నేను అదృష్టవంతుడిని. కొన్న ఏడాది వలయాలు బాగా విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య సుమారు 4,800 కిలోమీటర్ల ఖాళీ, అంటే కస్సీనీ విభజన, రెండు చివరల దగ్గర సన్నటి నల్ల గీతలా తెలిసేది. ఆ తర్వాత ఏటేటా వలయాలు మూసుకుంటూ వచ్చాయి. 2025 మార్చిలో భూమి వలయాల తలాన్ని దాటింది, అంటే అవి మనకు అంచు వైపు నుంచి కనిపించే స్థితి. ఆ రోజుల్లో శని సూర్యుడికి మరీ దగ్గరగా ఉండటంతో చూడటం కుదరలేదు. ఆ ఏడాది చివర్లో చూసినప్పుడు గోళానికి అటూ ఇటూ సన్నటి దారం లాంటి వెలుగు మాత్రమే మిగిలింది. 1612లో వలయాలు ఇలాగే మాయమైనప్పుడు గెలీలియో తికమకపడ్డాడు. అది గ్రహాన్ని ఎక్కడా తాకని పలుచని వలయమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో వివరించాడు. ఒకే పరికరంతో ఈ మార్పు మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడగలగడం ఎక్కువకాలం వాడితేనే దక్కే సంగతి.

శనికి ఉన్న చందమామల్లో టైటాన్ ఏ రాత్రయినా తేలికగా దొరుకుతుంది. దాదాపు 16 రోజులకు ఒక చుట్టు. దాని మీద 2005 జనవరి 14న హైగెన్స్ నౌక దిగింది. మనిషి పంపిన యంత్రం దిగిన చోట్లలో ఇప్పటికీ అదే అత్యంత దూరమైనది. రియా కూడా సులువే. చీకటి బాగా ఉన్నప్పుడు టెథిస్, డయోనీ దొరుకుతాయి. కానీ నా మనసు ఐయాపెటస్ మీద. శనికి పడమటి వైపున ఉన్నప్పుడు అది నా టెలిస్కోపుకు అందుతుంది. తూర్పు వైపుకు వెళ్ళాక బాగా మసకబారిపోతుంది, వెతికి వెతికి వదిలేయాల్సి వస్తుంది. 1671లో దాన్ని కనుగొన్న ఖగోళ శాస్త్రవేత్త కస్సీనీకి కూడా తూర్పున కనిపించలేదు. దాని ఒక సగం నల్లగా ఉండి ఉండాలని, ఎప్పుడూ ఒకే ముఖాన్ని శని వైపు తిప్పి ఉంచుతుందని ఆయన ఊహించాడు. రెండూ నిజమే. ఫోటో లేకుండా, కేవలం వెలుగు హెచ్చుతగ్గులను బట్టి ఒక లోకం ముఖాన్ని చెప్పగలిగాడు!

2020 డిసెంబరు 21న గురుడు, శని పదో వంతు డిగ్రీ దూరానికి వచ్చినప్పుడు రెండు గ్రహాలూ, వలయాలూ, చందమామలూ ఒకే ఐపీస్‌లో కనిపించాయి. ఆ సాయంత్రం పక్కన ఎవరున్నా పిలిచి చూపించాను.

అంగారకుడితో ఓపిక కావాలి. ఇరవై ఆరు నెలలకు ఒకసారి భూమికి దగ్గరగా వస్తాడు. మిగిలిన కాలమంతా ఎర్రటి చిన్న బింబమే, అందులో ఏమీ తెలియదు. 2018లో చాలా దగ్గరగా వచ్చాడు కానీ సరిగ్గా అప్పుడే గ్రహమంతా దుమ్ము తుఫాను కమ్మేసింది. అక్కడ తిరుగుతున్న నాసా ఆపర్చ్యునిటీ రోవర్ మూగబోయింది ఆ తుఫానులోనే. 2020 అక్టోబరులో మాత్రం సిర్టిస్ మేజర్ అనే ముదురు ప్రాంతం నల్లటి ముద్దలా, దక్షిణ ధ్రువపు మంచు తెల్లటి చుక్కలా కనిపించాయి. అంగారకుడి చందమామలు ఫోబోస్, డీమోస్ ఈ పరికరానికి అందవు. శుక్రుడు చంద్రుడిలా కళలు మారుస్తాడు. సూర్యాస్తమయం కాగానే, ఆకాశం ఇంకా వెలుతురుగా ఉన్నప్పుడు చూస్తే ఆ నెలవంక కళ్ళు చెదరకుండా తెలుస్తుంది. బుధుడు దిగంతానికి దగ్గరగా గాలిలో వణుకుతూ ఉంటాడు. చూశామన్న తృప్తి తప్ప ఎక్కువ ఆశించకూడదు. యురేనస్ 120 రెట్ల దగ్గర నీలి ఆకుపచ్చ బింబం, నెప్ట్యూన్ దాదాపు నక్షత్రమే. 1612 డిసెంబరు 28న గురుడి దగ్గర గెలీలియో గుర్తుపెట్టుకున్న ఒక 'నక్షత్రం' నెప్ట్యూన్ అని, అది గ్రహమని గుర్తించింది 1846లోనని తెలిశాక ఆ చుక్కను వెతకడంలో నాకు ఆసక్తి పెరిగింది.

మన చంద్రుడిని ఎంత చూసినా తరగదు. పౌర్ణమి నాడు చూడకండి, నీడలు లేక అంతా చదునుగా ఉంటుంది. వెలుగూ చీకటీ కలిసే సరిహద్దు వెంబడి వెళ్ళండి. 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం మీద తెల్లవారుతున్న రాత్రి, అడుగు ఇంకా చీకట్లో ఉండగానే లోపలి శిఖరాలు మాత్రం మెరుస్తాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన ప్రాంతం దక్షిణపు అంచుకు దగ్గరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కిన బిలాల మధ్య ఉంటుంది. ల్యాండర్ కనిపించదు. ఆ నేల ఎంత గతుకులతో ఉందో మాత్రం బాగా అర్థమవుతుంది.

సూర్యుడి విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. సౌర ఫిల్టరు టెలిస్కోపు ముందు భాగంలో, మొత్తం నోటిని కప్పేలా, గాలికి ఊడకుండా బిగించాలి. ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల అద్దాలు వేడికి పగులుతాయి, ఆ క్షణంలోనే కన్ను పోతుంది. గురిచూసే చిన్న దూరదర్శినికి, అంటే ఫైండరుకు మూత పెట్టాలి లేదా దాన్ని తీసేయాలి. ఫిల్టరు పొరను ప్రతిసారీ వెలుతురుకు పట్టి, చిల్లు ఉందేమో చూసుకున్నాకే వాడాలి. పిల్లలుంటే పరికరాన్ని ఒక్క క్షణం కూడా వదిలి వెళ్ళకూడదు. ఈ జాగ్రత్తలు పాటించేవారికి పగటి వేళ కూడా యాత్ర మొదలవుతుంది. 2019లో వారాల తరబడి ఒక్క మచ్చ కూడా లేని సూర్యుడిని చూశాను. 2024 మేలో భూమి లాంటివి పదిహేను పక్కపక్కన పట్టేంత మచ్చల గుంపును చూశాను. దాని నుంచి వెలువడిన విస్ఫోటాల వల్లే ఆ నెల 10, 11 తేదీల్లో మామూలుగా ధ్రువకాంతులు కనిపించని చోట్ల కూడా అవి కనిపించాయి. ఒక మచ్చ పడమటి అంచున మాయమై, చెదిరిపోకుండా ఉంటే, రెండు వారాలకు తూర్పు అంచున మళ్ళీ వస్తుంది. సూర్యుడూ తిరుగుతున్నాడని తెలుసుకోవడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక పరికరం మంచిచెడులు. అద్దం బాగుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. దానితో ఇచ్చిన 10 మిల్లీమీటర్ల ఐపీస్ నాసిరకం. దాన్ని మార్చిన రోజు గురుడి పట్టీల్లో కొత్త వివరాలు కనిపించాయి, కాబట్టి మొదటి ఖర్చు అక్కడే పెట్టండి. పెట్టె మీద అచ్చువేసిన వందల రెట్ల అంకెలను పట్టించుకోకండి. చాలా రాత్రులు గాలి 150 రెట్లకు మించి సహకరించదు. గొట్టాన్ని బయట పెట్టి అరగంట పైన చల్లారనిస్తేనే బొమ్మ స్థిరపడుతుంది. అద్దాల అమరికను తరచూ సరిచూసుకోవాలి, అలవాటైతే అయిదు నిమిషాల పని. చెక్క పీట తేమకు అంచుల్లో ఉబ్బింది, అది తయారీ లోపమే. మోటారు లేనందున 120 రెట్ల దగ్గర గ్రహం నిమిషంన్నరలో దృశ్యం దాటిపోతుంది. మొదట్లో ఇది చిరాకు. నాకైతే ఇప్పుడు అదే నచ్చుతుంది: అలా జారిపోతున్నది గ్రహం వల్ల కాదు, మన భూమి తిరుగుడు వల్ల.

గ్రహాల ఫోటోలే మీ ధ్యేయమైతే ఇది వద్దు, దానంతటది ఆకాశాన్ని అనుసరించే పీఠం ఉన్నది తీసుకోండి. చూడటమే ధ్యేయమైతే ఇది మంచి సమయం. శని వలయాలు మళ్ళీ విచ్చుకోవడం మొదలైంది, ఈసారి వాటి దక్షిణపు ముఖం 2032 దాకా ఏటేటా ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది. కస్సీనీ విభజన కోసం మాత్రం కొన్నాళ్ళు ఆగాలి.