పీఎంపీ మాక్ టెస్టుల చందా: ఏడు నెలలు వాడాక

మొదటి నెలలోనే మా ప్రాజెక్ట్స్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో దీన్ని ఆకాశానికెత్తేశాను. "కళ్ళు మూసుకుని కొనేయండి" అని రాశాను. ఆ మాట నమ్మి ఇద్దరు కొన్నారు కూడా. ఏడు నెలలు వాడి, పరీక్ష రాసి, పాసయ్యాక ఇప్పుడు ఆ మెసేజ్ చూసుకుంటే కొంచెం మొహమాటంగా ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అప్పటికి నేను చూసింది సగమే.

పీఎంపీ అంటే పీఎంఐ అనే సంస్థ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్. దాన్ని ఎవరు రాయొచ్చు, 35 గంటల ట్రైనింగ్ ఎక్కడ చేయాలి లాంటివి ఇది చదివేవాళ్ళకు తెలిసే ఉంటాయి. వాటి జోలికి పోను. నేను కొన్నది ఏడాది చందా: వెయ్యికి పైగా ప్రశ్నలు, నిండు పరీక్షలు ఆరు. కంపెనీ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఒక్క వాళ్ళ మీదే అనుకోవడం న్యాయం కాదు, తోటివాళ్ళు వాడిన మరో రెండింటిలోనూ ఇదే తీరని విన్నాను. నా సంగతి కూడా చెప్పేస్తే మిగతాది సులువు. పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ప్రాజెక్ట్స్ పని. రియాక్టర్లు, పైపింగ్, షట్‌డౌన్లు, వెండర్ల వెంట పడటం. ఐటీ వాళ్ళు రోజూ అనే స్ప్రింట్ (పని చేసే చిన్న విడత), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) నాకు కొత్త. ఇల్లు గాజువాక. చదువంతా రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, పాప పడుకున్నాక.

ముందు నచ్చింది చెబుతాను, అది ఇప్పటికీ నచ్చుతుంది కాబట్టి. ప్రశ్న తప్పయితే సరైన జవాబు చూపించి ఊరుకోదు. మిగతా మూడూ ఎందుకు కాదో ఒక్కోదానికి నాలుగైదు వాక్యాల్లో చెబుతుంది. పీఎంపీలో నాలుగు జవాబులూ మంచివిలాగే కనిపిస్తాయి. ఏది "మొదట", ఏది "తర్వాత" అన్నదే అక్కడ అడిగేది. అందుకే వివరణ లేని ప్రశ్నల బ్యాంకు ఎన్ని వేలున్నా దండగ. పుస్తకంలో రెండు నెలలు తిప్పినా అర్థం కాని "ముందు పరిశీలించు, తర్వాత కదులు" అన్న సంగతి ఈ వివరణలతో మూడు వారాల్లో ఒంటబట్టింది. వాట్సాప్‌లో నేను పొగిడింది దీన్నే.

ఇక స్కోరు దగ్గరికి వద్దాం. నాకు కోపమంతా అక్కడే.

మొదటి నిండు పరీక్షలో 61 శాతం. రెండోదానికి 66. మూడోదానికి 79, నాలుగోదానికి 83. తెర మీద ఆకుపచ్చ చక్రం ఒకటి తిరిగి "మీరు సిద్ధంగా ఉన్నారు" అంటుంది. ఆ రాత్రి నేను పరీక్ష తేదీ కూడా బుక్ చేసేయబోయాను. ఐదో పరీక్ష మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. రెండు లైన్లు చదివానో లేదో, మూడో జవాబు నొక్కేశాను. నొక్కాక అనుమానం వచ్చింది. ప్రశ్న పూర్తిగా చదవనే లేదే! వెనక్కి వెళ్ళి చూస్తే అంతకుముందు చాప్టర్ల వారీ ప్రాక్టీసులో చేసిన ప్రశ్నే అది, వెండర్ ఊరు పేరు మాత్రం మారింది. అలా చూసుకుంటూ పోతే నిండు పరీక్షల్లో చాలా ప్రశ్నలు ఆ ప్రాక్టీసులోవే తిరిగొచ్చాయి. పైగా, సరైన జవాబే మిగతా వాటికన్నా పొడుగ్గా ఉండటం వీళ్ళకో అలవాటు. అంటే నా 83 శాతంలో చదువెంతో, జ్ఞాపకమెంతో నాకే తెలియదు.

తేల్చుకోవడానికి ఒక సహోద్యోగి దగ్గర వేరే ట్రైనింగ్ వాళ్ళిచ్చిన 40 ప్రశ్నలు తీసుకుని చేశాను. 23 కరెక్ట్. మూడు నెలల తర్వాత నేను మొదలెట్టిన చోటే ఉన్నాను!

రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. మూడో రోజు గాజువాకలో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. పేజీకి మూడు నిలువు గళ్ళు: ప్రశ్న ఒక్క లైన్లో, నేనేం ఎంచుకున్నాను, అప్పుడు నా బుర్రలో ఏం నడిచింది. మూడో గడి రాయడమే కష్టం. "తొందరపడ్డాను" అని రాసేస్తే లాభం లేదు. ఎందుకు తొందరపడ్డానో రాయాలి. స్కోరు చూడటం మానేశాను, ఆ చక్రం వచ్చే మూల ఒక స్టిక్కీ నోటు అంటించి మరీ.

మా ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరు. ఒక ఆదివారం తను పరీక్ష పేపర్లు దిద్దుతూ, మధ్యలో ఎర్రపెన్ను పట్టుకుని నా నోట్‌బుక్ తిరగేసింది. పీఎంపీ గురించి తనకు ఏమీ తెలియదు. ఒక పది పేజీలు చూసి, "ఏమండీ, ఇవన్నీ వేరువేరు తప్పులు కావు కదా. ప్రతిచోటా మీరు ఫోనెత్తి పెద్దసారుకి చెప్పేస్తున్నారు" అంది.

ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. అప్పటికి రాసిన 112 తప్పుల్లో 47 అదే బాపతు. టీములో ఇద్దరికి పడకపోతే మేనేజరుకి చెప్పడం, రిస్కు బయటపడితే స్పాన్సరుకి (ప్రాజెక్టుకి డబ్బిచ్చే పెద్దాయనకి) మెయిలు పెట్టడం, క్లయింటు గొణిగితే పీఎంవో (కంపెనీ ప్రాజెక్టుల తీరుతెన్నులు చూసే ఆఫీసు) దగ్గరికి పరుగు. నాలుగు చాప్టర్ల ప్రశ్నలు, నా జబ్బు మాత్రం ఒక్కటే.

ఉదాహరణకి ఒకటి. అసలు పరీక్ష ప్రశ్నలు బయట చెప్పకూడదన్న షరతుకి ఒప్పుకుని రాశాం, కాబట్టి ఇది నేను అల్లినది. ఒక పరికరం మూడు వారాలు ఆలస్యంగా వస్తుందని వెండర్ మెయిల్ పెట్టాడు. ప్రాజెక్ట్ మేనేజర్ మొట్టమొదట ఏం చేయాలి? స్పాన్సరుకి తెలియజేయాలా, షెడ్యూలు మార్చమని చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలా, టీముతో కూర్చుని ఆ ఆలస్యం దేనిమీద ఎంత పడుతుందో చూడాలా, వెండరుకి పెనాల్టీ నోటీసు పంపాలా? నేనైతే మొదటిది. మా ప్లాంటులో అలాంటి మెయిల్ వచ్చిన గంటలో జీఎం గారికి చెప్పకపోతే సాయంత్రం మీటింగులో "ముందే ఎందుకు చెప్పలేదయ్యా" అని అందరి ముందూ అక్షింతలు పడతాయి. పదకొండేళ్ళుగా నన్ను కాపాడిన అలవాటది. పీఎంఐ ప్రపంచంలో అదే తప్పు జవాబు. ఆ పని క్రిటికల్ పాత్ మీద ఉందా (అంటే అది ఆలస్యమైతే ప్రాజెక్టంతా ఆలస్యమవుతుందా), ఫ్లోట్ (ఆలస్యానికున్న వెసులుబాటు) ఎన్ని రోజులుంది అని చూడకుండా స్పాన్సరు దగ్గరికి వెళితే ఆయన అడిగే మొదటి ప్రశ్నకే మన దగ్గర సమాధానం ఉండదు. వాళ్ళు ఊహించే ప్రాజెక్ట్ మేనేజరుకి అధికారం ఉంటుంది, తన పరిధిలోది తనే తేల్చుకుంటాడు, తేలనిదే పైకి తీసుకెళతాడు. నాకు అలాంటి ఉద్యోగం ఎవరిస్తారో తెలియదు గానీ, పరీక్ష గదిలో నాలుగు గంటలు ఆ కుర్చీలో కూర్చోవాలి, తప్పదు.

చందాలోని వివరణలు ఈ మాట చెప్పలేదా అంటే, చెప్పాయి. ప్రతి ప్రశ్న కిందా విడివిడిగా, మర్యాదగా చెప్పాయి. కానీ 47 చోట్ల నువ్వు ఒకే తప్పు చేస్తున్నావని ఎక్కడా చెప్పలేదు. వాళ్ళ రిపోర్టు పీపుల్, ప్రాసెస్, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ అని పరీక్షకున్న మూడు భాగాల ప్రకారం శాతాలు వేస్తుంది. నా తప్పు మూడింటిలోనూ చెల్లాచెదురుగా ఉంది, ఏ శాతంలోనూ దొరకలేదు.

నోట్‌బుక్‌లో బయటపడ్డ రెండో జబ్బు చిన్నదే గానీ, నాలాంటి ఫ్యాక్టరీ వాళ్ళకు పనికొస్తుంది. క్లయింటు మధ్యలో కొత్తది అడుగుతాడు. ప్రశ్నలో బేస్‌లైన్, ఆమోదించిన ప్లాను అన్న మాటలుంటే దాని ప్రభావం ఎంతో చూసి చేంజ్ కంట్రోల్ (మార్పుకి ఆమోదం తీసుకునే పద్ధతి) దారిలో వెళ్ళాలి. స్ప్రింట్, ఇటరేషన్ అన్న మాటలుంటే ప్రొడక్ట్ ఓనరుతో (ఏ పని ముందో తేల్చే మనిషితో) మాట్లాడి బ్యాక్‌లాగ్‌లో పెట్టించాలి. నేను రెండింటికీ చేంజ్ రిక్వెస్టే పెట్టేవాణ్ణి. నేను రాసిన 2024లో పరీక్షలో దాదాపు సగం అజైల్ (పనిని చిన్న విడతలుగా చేసుకుపోయే పద్ధతి), హైబ్రిడ్ (అదీ పాత పద్ధతీ కలిపినది) ప్రశ్నలే కాబట్టి ఇది చిన్న దెబ్బ కాదు. అప్పటినుంచి ప్రశ్న చదవగానే ముందు ఆ మాటల కోసం వెతికి, తర్వాతే జవాబుల వైపు చూసేవాణ్ణి.

ఈవీ, సీపీఐ (జరిగిన పని విలువ, పెట్టిన ఖర్చుకి తగ్గ పని జరిగిందా అన్న కొలత) లెక్కల మీద మాక్ టెస్టుల్లో పెట్టినంత బరువు నాకు పడ్డ పేపర్లో లేదు. ఫార్ములాలు రావాలి, అంతే. 49 ప్రాసెస్‌ల ఇన్‌పుట్లూ అవుట్‌పుట్లూ బట్టీ పట్టడానికి నేను తగలేసిన మూడు వారాల గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఆ పట్టికలు పీఎంఐ వాళ్ళ గైడు పుస్తకం పీఎంబాక్ 2017 నాటి ఆరో ఎడిషన్‌వి. 2021లో వచ్చిన ఏడోది వాటిని పక్కన పెట్టి 12 సూత్రాల మీద నడిచింది. చెప్పినవాళ్ళు లేక కాదు, బట్టీ పడితే చదివినట్టు ఉంటుంది, అదీ సంగతి.

పరీక్ష 2024లో హైదరాబాద్ సెంటర్లో రాశాను. ఇంటి దగ్గర ఆన్‌లైన్లో రాసే వీలున్నా మా వీధి కరెంటు మీద నాకు నమ్మకం లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే నాంపల్లిలో దిగి ఇడ్లీ, టీ. అక్కడిదాకా బాగానే ఉంది.

దెబ్బ తగిలింది లోపల. 180 ప్రశ్నలు అరవై చొప్పున మూడు ముక్కలు. మధ్యలో రెండుసార్లు పది నిమిషాల విరామం. ముక్క ముగించి విరామానికి వెళితే, వెనకటి అరవై ప్రశ్నలు మళ్ళీ తెరుచుకోవు. ఈ సంగతి నాకు తెలియక కాదు, చదివాను. కానీ ఏడు నెలలు నేను సాధన చేసిన చోట అలా ఉండదు. అక్కడ 180 ప్రశ్నలూ ఒకే వరుస. అనుమానమొస్తే జెండా గుర్తు పెట్టి ముందుకెళ్ళడం, చివర్లో మిగిలిన అరగంటలో అన్నిటికీ ఒకేసారి తిరిగి రావడం. చేతికి అదే అలవాటైంది. పరీక్షలోనూ జెండాలు పెట్టుకుంటూ పోయాను. అరవయ్యో ప్రశ్న దాటగానే "ఈ భాగం ముగిస్తారా" అన్న తెర వచ్చింది, జెండాలు చూస్తే పద్నాలుగు.

ఏసీ గదిలో చెమట పట్టింది. ఆ పద్నాలుగూ అక్కడికక్కడే తేల్చాలి. తేల్చేసరికి 92 నిమిషాలు అయిపోయాయి. ఒక్కో ముక్కకి 76 నిమిషాలు అనుకున్నవాణ్ణి. మిగిలిన 120 ప్రశ్నలకి 138 నిమిషాలు, అంటే ప్రశ్నకి నిమిషం పైన తొమ్మిది సెకన్లు. విరామంలో బయటికొచ్చి నీళ్ళు తాగుతుంటే చేతులు వణికాయి. రెండో ముక్కలో ఒక్క జెండా కూడా పెట్టకూడదని నిశ్చయించుకున్నాను. చదవడం, మాటలు పట్టుకోవడం, "పెద్దసారుకి ఫోన్" జవాబుని ముందు కొట్టేయడం, మిగిలినవాటిలో ఒకటి నొక్కడం. మా ఆవిడ మాట ఆ రెండు గంటల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. చివరి ప్రశ్న నొక్కేసరికి నాలుగు నిమిషాలు మిగిలింది.

పాస్. ప్రాసెస్‌లో అబౌవ్ టార్గెట్, పీపుల్‌లో టార్గెట్, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌లో బిలో టార్గెట్. ఎన్ని మార్కులన్నది పీఎంఐ ఎవరికీ చెప్పదు. మొదటి ముక్కలో ఆ హడావుడి లేకపోతే పీపుల్ ఇంకాస్త బాగుండేదని నాకు నేనే చెప్పుకుంటున్నాను, రుజువేమీ లేదు.

ఇంతకీ కొనాలా వద్దా? నాలాగా ప్లాంటు నుంచి వచ్చి, అజైల్ మొహం చూడనివాళ్ళయితే ఆ వివరణల కోసం కొనొచ్చు. డబ్బు దండగైందని నేననను. కానీ ఏడాది చందా వద్దు, మూడు నెలలది చాలు. ప్రశ్నలు తిరిగి రావడం మొదలయ్యాక దాని పని అయిపోయినట్టే. నిండు పరీక్షల్లో రెండింటిని ప్రాక్టీసు ప్రశ్నలు ముట్టుకోకముందే రాసేసి స్కోరు దాచుకోండి, మీ అసలు స్కోరు వాటిలోదే. మిగతా వాటిలో ప్రతి అరవైకీ ఆగి, వెనక్కి వెళ్ళకుండా మీకు మీరే తలుపేసుకోండి. రోజూ అజైల్ టీముల్లో ఉండే ఐటీ వాళ్ళ సంగతి నేను చెప్పలేను. మా తోడల్లుడు అదే పనిలో ఉన్నాడు, ఆరు వారాల్లో, నోట్‌బుక్కూ లేకుండా పాసయ్యాడు. నా పరీక్ష ఫీజు కంపెనీ కట్టింది, చందా మాత్రం నా జేబులోంచి, బహుశా ఈ సణుగుడు అందుకే కొంచెం ఎక్కువైంది. పరీక్షలో అంశాలు కూడా ఎప్పటికప్పుడు మారుతుంటాయి, కొనేముందు పీఎంఐ వాళ్ళ తాజా సిలబస్‌తో పోల్చి చూసుకోండి.

గ్రూపులో పాత మెసేజ్ కింద నిన్న ఇంకోటి పెట్టాను: "కళ్ళు తెరిచి కొనండి." కొన్న ఇద్దరిలో ఒకాయన నవ్వు బొమ్మ పెట్టాడు, రెండో ఆయన ఇంకా మాట్లాడలేదు. అన్నట్టు, ఈ చందా ఏడాది కాగానే దానంతటదే మళ్ళీ డబ్బు లాగేసేలా పెట్టి ఉంటుంది. ఆపే బటన్ ప్రొఫైల్‌లో ఎక్కడో అట్టడుగున ఉంది, నాకు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కొన్నరోజే ఆపేసుకోండి.